బూరకీ బూరెకీ మధ్య ఎత్వం

"ఏడు బూరెలంటమ్మాయ్! నువ్వే చెయ్యాలంట! నలభై మందీ తింటారంట!"

సోమవారం పొద్దున్నే, ఉప్మాలో ఉప్పు వేసిందో లేదో గుర్తురాక గరిటె అంచు నాలిక్కి రాసుకుని చూస్తున్న కనకరత్నానికి అత్తగారు సత్యవతమ్మ హాల్లోంచి కేకేసి అందించిన కబురిది. ఫోను చేసింది చర్చి పాస్టరు బాబూరావుగారు. నాగాయలంకలో వారం రోజుల ప్రార్థన కూటాలకని వెళ్తూ బస్సులోంచి మాట్లాడారట. అటు బస్సు హోరు, ఇటు సత్యవతమ్మ చెవుడు. ఆవిడ వినికిడి మిషను ఎప్పట్లాగే సొరుగులో భద్రంగా ఉంది.

"తలకి ఏడా అత్తయ్యా? సరిగ్గా విన్నారా?"

"ఏడే. ఆదివారానికి. అయ్యగారు రెండుసార్లు చెప్పారు."

ఏడు నలభైలు రెండువందల ఎనభై. తెలుగులో ఏడు అంటే అంకే కాదు, ఆజ్ఞ కూడా. ఆ క్షణాన కనకరత్నానికి రెండో అర్థమే ముందు తట్టింది.

స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన భర్త సీమోను విషయం విని గట్టిగా నవ్వాడు. "ఆదివారం సాయంత్రం నేను చెప్పబోయేది ఏడు బూరల స్టడీ కదే! ప్రకటన గ్రంథంలో దేవదూతలు ఊదే బూరలకి మనం తినే బూరెలు. అయ్యగారికి హాస్యం ఎక్కువ!" అదే నవ్వుతో, "నోట్సు శుక్రవారానికల్లా ఇచ్చెయ్ కనకం. పోయినసారి ఆలస్యం చేశావు, నాకు చదువుకోడానికే టైము లేకపోయింది" అని కూడా అన్నాడు.

సీమోనుకి చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల దుకాణం. బతుకంతా పూత బంగారం అమ్మే మనిషికి ఇంట్లో మాత్రం కనకమూ రత్నమూ కలిపి ఒకే పేరున్న భార్య దొరికింది. ఆవిడ గుడివాడలో హైస్కూలు తెలుగు టీచరు. పొద్దున ఇంట్లో ఉప్మా, పదింటికి తరగతిలో ఉపమ. సాయంత్రం బందరు బస్సులో నిలబడి రావడం, మళ్ళీ పొయ్యి. రాత్రి వంటిల్లు కడిగాక చర్చి స్టడీకి పాఠం రాయడం. పదకొండేళ్ళుగా పాఠానికి వేళ్ళు ఈవిడవి, నోరు ఆయనది, శాలువాలు కూడా ఆయనవే.

వాళ్ళ చర్చిలో ప్రవచనాల సంగతికొస్తే రెండు జట్లు. రాసింది రాసినట్టే అక్షరాలా జరుగుతుందనేది సీమోను జట్టు. అంతా అలంకారమే, లోపలి భావం చూసుకోవాలనేది రిటైరైన లెక్కల మాస్టారు తాతారావుగారి జట్టు. అయిదో బూర ఊదగానే పొగలోంచి వచ్చే మిడతలు నిజం మిడతలా, కాదా అని ఒక వానాకాలమంతా వాదించుకున్నారు. "పరలోకంలో వీధులు మేలిమి బంగారమేనంటావా సీమోనూ?" అని తాతారావుగారంటే, "మేలిమే మాస్టారూ, నాకు తెలీదా బంగారం సంగతి?" అని ఈయన. రెండు జట్లకీ టీ మాత్రం కనకరత్నమే ఇచ్చేది, అక్షరాలా.

ఆవిడకి తెలిసిన చిత్రం ఏమిటంటే, చర్చిలో ఒక జట్టులో ఉండే సీమోను ఇంట్లో రెండు జట్లలోనూ ఉంటాడు. భార్య భర్తకి లోబడాలన్న మాట వచ్చిందా, అక్షరార్థం. భర్త భార్యని తన సొంత ఒంటిలా చూసుకోవాలన్న మాట వచ్చిందా, అలంకారం. ఆవిడ ఒళ్ళు నూటరెండు జ్వరంతో కాగుతుంటే ఆయన తన సొంత ఒంటికే దుప్పటి కప్పుకుని, "ఇవాళ్టికి చారన్నం చాల్లే, నాకేం పట్టింపు లేదు" అన్నాడు. ఆ చారు ఎవరు కాచాలో చెప్పలేదు, అది భావగర్భితం. "ఈ ఇంటికి రాణివి నువ్వే" అంటాడు, రూపకం. "రాణీ, చొక్కా ఇస్త్రీ కాలేదేం?" అంటాడు, స్వభావోక్తి. పిల్లలకి అలంకారాలు నేర్పడానికి ఆవిడెప్పుడూ ఉదాహరణల కోసం వెతుక్కోలేదు. అన్నీ ఇంటినుంచే పట్టుకెళ్ళేది, అన్నం డబ్బాతోపాటు.

శుక్రవారం నోట్సు ఇచ్చేటప్పుడు మూడో బూర దగ్గర చిన్న గొడవ. ఆ బూర ఊదినప్పుడు నదుల మీద రాలే నక్షత్రం పేరు మాచిపత్రి.

"మాచి... మచిలీ... చూశావా! కృష్ణ మీద, మన మచిలీపట్నం మీదే పడుద్దన్నమాట. రాసింది రాసినట్టే!"

"మాచిపత్రి అంటే చేదు ఆకండీ. నీళ్ళు చేదెక్కిపోతాయని చెప్పడం."

"నువ్వు రాయి. అర్థం నేను చెప్పుకుంటాను."

అర్థం ఆయనది, అర్ధాంగి ఈవిడ. కనకరత్నం ఆ మాచిపత్రి మాట కింద ఇంకో వాక్యం రాసింది: "అలంకారం అంటే అబద్ధం కాదు. గుండె పగిలిందన్న మనిషిని మనం ఆసుపత్రికి తీసుకెళ్ళం; అలాగని నవ్వి ఊరుకోం కూడా." రాశాక ఆ వాక్యం తనకే ఎంత నచ్చిందంటే, అది ఆదివారం వేరే నోట్లోంచి రావడం తలుచుకుంటే ఎవరో తన చీర కట్టుకుని ఎదురుగా తిరుగుతున్నట్టనిపించింది. పదకొండేళ్ళలో మొదటిసారి, అక్కడ తను నిలబడి చెప్పాలనిపించింది. అనిపించిందంతే. ఎవరు పిలుస్తారు?

శనివారం సెలవు పెట్టి శనగపప్పు ఉడికించి, బెల్లం కలిపి పూర్ణం దించింది. పైపూతకి పిండి జారుగా కలిపింది. దాన్ని తోపు అంటారు. తన బళ్ళో పిల్లల భాషలో తోపంటే మొనగాడు. లోపల పూర్ణం ఎవరిదైనా పైకి కనిపించేది తోపే కదా అనుకుని తనలో తనే నవ్వుకుంది. పక్కన కూర్చుని ఉండలు చుడుతున్న సత్యవతమ్మ చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది.

"రెండో బూరకి సముద్రంలో కొండ పడుద్దని రాసుందిగా అత్తయ్యా, అది నిజంగానా, మాటవరసకా?"

సత్యవతమ్మది హంసలదీవి దగ్గర పల్లె. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి పెళ్ళయి ఏడాది.

"నేను తాటిచెట్టు పట్టుకుంది మాటవరసకా? మా మేనత్త పొద్దున్నే చెప్పింది, గాలి తేడాగా ఉంది, లేచి పోదాం పదండని. ఆడదాని మాట గదా, మగాళ్ళు మాటవరసకి విన్నారు." చుట్టిన ఉండ పళ్ళెంలో పెట్టింది. "మా పుట్టింట్లో నేను తప్ప ఎవరూ మిగల్లేదు."

ఆదివారం నాలుగింటికి చర్చి హాలు నిండింది. కనకరత్నం వెనక గుమ్మం దగ్గర మూడు బేసిన్ల బూరెలతో, సీమోను మొదటి వరసలో ఇస్త్రీ చొక్కాతో, చేతిలో నోట్సుతో. కూటాలు ముగించుకుని వచ్చిన బాబూరావుగారు మైకు పట్టుకున్నారు.

"ఈ పూట ఏడు బూరల స్టడీ మన కనకరత్నమ్మగారు చేస్తారు. రండమ్మా."

అప్పటికే సగం లేచిన సీమోను అలాగే వంగి ఉండిపోయాడు. "అయ్యగారూ, ఆవిడ చేసింది బూరెలండీ. బూరలు నావి."

"బూరెలేంటండీ? నేనన్నది బూరలు! కనకరత్నమ్మగారే చెయ్యాలి, నలభై మందీ వింటారు అన్నాను."

"తింటారు అన్లేదా?" అన్నాడు సీమోను నీరసంగా.

"పోయిన నెల పాఠం చదువుతూ మీరు, 'ఇక్కడ కాస్త ఆగండి, జనాన్ని నవ్వుకోనివ్వండి' అని అది కూడా చదివేశారు గదా. రాసేది ఎవరో నాకు అప్పుడు తెలిసింది."

"రాసింది రాసినట్టే చదివాడు మరి!" అన్నారు తాతారావుగారు. హాలు ఘొల్లుమంది.

సీమోను చెవులు ఎర్రబడ్డాయి. "స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలుగారు రాశారండీ. అందులో రెండో మాట లేదు." వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు. "కనకం, పరువు తియ్యకు. బూరెలు సర్దు."

ఆయన గొంతు తగ్గించినా హాలు చెవులు తగ్గించలేదు, అందరూ విన్నారు. కనకరత్నం చేతులు కొంగుకి తుడుచుకుంది. ఇప్పుడు వెనక్కి తగ్గితే బేసిన్ల దగ్గర చోటెలాగూ ఉంటుంది, ఇంకో పదకొండేళ్ళు కూడా ఉంటుంది. నడవాలోకి అడుగేసింది.

"మరి మీ కుమార్తెలు ప్రవచనాలు చెప్తారని యోవేలు ప్రవక్త రాశాడు గదండీ. అదో?"

"అది... అది అలంకారం!" అన్నాడు సీమోను.

అన్నాక ఆయనకే వినబడింది. ఈసారి నవ్వు సీమోను జట్టులోంచే మొదలైంది. తాతారావుగారయితే లేచి నిలబడి, "మా జట్టులోకి స్వాగతం నాయనా" అని చెయ్యి చాపారు. ఆ నవ్వు సందులోంచి కనకరత్నం వేదిక ఎక్కింది. సీమోను ఏమనుకున్నాడో, నోట్సు పైకి అందించబోయాడు.

"మీ దగ్గరే ఉంచండి. నాకు నోటికొచ్చు. మీరు బూరెలు చూడండి, తలకి ఏడు. అక్షరాలా."

"ఏంటే, ఏమంటున్నారే?" అని ముందు వరసలోంచి సత్యవతమ్మ అరిచింది. కనకరత్నం మైకు దగ్గరికి లాక్కుంది. ఆవిడ చేతులనుంచి ఇంకా బెల్లం వాసన వస్తోంది.

"అత్తయ్యా, మీకే కాదు, అందరికీ చెప్తున్నాను. అయ్యగారు ఫోనులో ఏడు బూరలు చెయ్యమన్నారు. మీకు ఏడు బూరెలు చెయ్యమన్నట్టు వినబడింది. బూరకీ బూరెకీ మధ్య ఉన్నది ఒక్క ఎత్వం, అది మీ చెవి పెట్టిందని ఎవరూ నవ్వకండి. మీ మిషను సొరుగులో ఉంది. మీ అబ్బాయి చెవులు బాగానే ఉన్నాయి, ఇక్కడున్న అమ్మలక్కల చెవులూ బాగానే ఉన్నాయి, వారమంతా ఎన్ని కేజీల పప్పు నానబోశావని అడిగారే గానీ ఇదేమిటని ఎవరూ అడగలేదు. ఒక ఆడమనిషి పేరు చెప్పి నలభై మంది అన్నారంటే, అది వినడానికి పిలిచిన పిలుపేమో అని ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకు కూడా."