రెండుగా కోసిన పుస్తకం

పుస్తకాన్ని కోసింది దాక్షాయణే.

సుభాష్ రోడ్డులో పాత పుస్తకాల కొట్టులో ఆ ప్రతి ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషు మాటల వేళ్ళు ఎక్కడున్నాయో, ఏ వేరు నుంచి ఏ కొమ్మలు పుట్టాయో అక్షరక్రమంలో చెప్పే లావుపాటి పుస్తకం. ధార్వాడ సప్తాపురలో బ్యాంకు పరీక్షకు చదివేవాళ్ళు దాన్ని తలకింద పెట్టుకునే పడుకుంటారు. గదికి రాగానే దాక్షాయణి కింద ఇంటావిడ గంగవ్వనడిగి కూరలు తరిగే కత్తి తెచ్చింది. పుస్తకాన్ని బోర్లా పెట్టి వెన్ను మీద ఒక్క గీత గీసింది.

"అయ్యో, ఏం చేస్తున్నావే!" గదిలో తోడుండే మాయక్క చెయ్యి అడ్డం పెట్టబోయింది.

"ఇక్కడందరూ చేసేదిదే, పిచ్చిదానా. ముందు సగం నాది, వెనక సగం నీది. నా సగం నువ్వు ముట్టుకోవద్దు, నీ సగం నేను ముట్టుకోను. నేర్చుకున్నది రోజూ నడకలో ఒకరికొకరం చెప్పుకుందాం. కష్టం సగమే, ఫలం మాత్రం మొత్తం."

"నువ్వు తప్పు చెబితే?"

"అప్పుడు ఇద్దరం కలిసి గొర్రెలు కాద్దాం. మీ అన్న నేర్పుతాడుగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అట్ట ఊడిన తన సగానికి మాయక్క పాత క్యాలెండరు కాగితం తొడిగింది.

మాయక్కది గదగ వైపు ఊరు, గొర్రెలు కాచే ఇల్లు. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. కదిలే మందను ఒక్క చూపులో లెక్కగట్టే తండ్రికి పుట్టిందేమో, అంకెలు ఆమెకు చెప్పినట్టు వినేవి. ఇంగ్లీషు మాత్రం ఎంతకీ మచ్చికయ్యేది కాదు. హావేరి నుంచి వచ్చిన దాక్షాయణిది సరిగ్గా తిరగేసిన కథ. హెడ్మాస్టరుగారి కూతురు కావడంతో నోరు తెరిస్తే ఇంగ్లీషే, కాగితం మీద అంకె కనిపిస్తే చెమటలే. అందుకే ఒకరికొకరు దొరికారు. ఇక మాయక్కకు వయసు దాటిపోతోంది, ఈసారి పరీక్షే ఆఖరు. అన్న ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. "గొర్రెలకి ఇంగ్లీషు అక్కర్లేదమ్మా. రాకపోతే వచ్చెయ్, నీ వాటా మంద నీకుంది." అతను ప్రేమగానే అనేవాడు. ఆ ప్రేమే ఆమెను భయపెట్టేది.

తెల్లవారగానే ఇద్దరూ కర్ణాటక కాలేజీ మైదానం చుట్టూ నడిచేవాళ్ళు. మాయక్క చెప్పే తీరు వేరు. చేత్తో, నడుముతో, కళ్ళతో చెప్పేది.

"స్పెక్ట్ అంటే చూడ్డం. ఇదిగో, ఇలా లోపలికి తొంగి చూస్తే ఇన్‌స్పెక్ట్. దాటిపోయిన మనిషిని ఆగి, వెనక్కి తిరిగి మళ్ళీ చూస్తే రెస్పెక్ట్. ఇలా తల వంచుకుని, కనురెప్పల కింద నుంచి చూస్తే..." నడుస్తున్నదల్లా ఆగి, తల దించి, దాక్షాయణిని కింది నుంచి పైకి చూసింది. "సస్పెక్ట్!"

"అమ్మో, ఆ చూపు చూడకే, నేనేం దొంగిలించలేదు!" దాక్షాయణి పొట్ట పట్టుకుని నవ్వింది. వాకింగుకు వచ్చిన పెద్దాయన ఒకరు వీళ్ళ నవ్వు చూసి తనూ నవ్వుకుంటూ పోయాడు.

దాక్షాయణీ బాగానే చెప్పేది. ఆడ్ అంటే వినడం, బెల్ అంటే యుద్ధం, డిక్ట్ అంటే చెప్పడం. మర్నాడు అదే చోట మాయక్క అప్పజెప్పాలి. తడబడితే ఇంకో చుట్టు నడవాలి. సాయంత్రం భోజనాల దగ్గర మాయక్క లెక్కలు చెప్పేది. జొన్నరొట్టెను ముక్కలు చేసి భాగాలు, నిష్పత్తులు నేర్పేది. "మీ లెక్క తేలేసరికి నా రొట్టె చల్లారుతోందే" అని విసుక్కుంటూనే గంగవ్వ మాయక్క పళ్ళెంలో పెరుగు ఇంకో గరిటె వేసేది. కింద ఖానావళి, అంటే పూటకూళ్ళ ఇల్లు, నడిపే ముసలమ్మ ఆమె. పై గదులు ఆడపిల్లలకే ఇచ్చేది.

చలికాలం మొదట్లో కోచింగులో నమూనా పరీక్ష పెట్టారు. లెక్కల మాస్టారు పాటీల అందరి ముందూ అన్నాడు: "దాక్షాయణీ, నీ స్నేహితురాలు అన్నిట్లోనూ నిన్ను దాటేసింది. ఇంగ్లీషొక్కటే నీకు మిగిలింది. అదీ ఆమె పట్టేసిందనుకో, ఇక నీకు మిగిలేది ఆమెకి చప్పట్లు కొట్టడమే!"

గదంతా నవ్వింది. దాక్షాయణి కూడా నవ్వింది. అందరికంటే ముందు నవ్వాపింది కూడా తనే.

మర్నాటి నడకలో దాక్షాయణి జేబులో చేతులు పెట్టుకుని చెప్పింది: "ఇ అక్షరం దాకా అయిపోయిందే మాయీ. ఇక నా సగంలో చెప్పడానికేం లేదు. ఎఫ్ నుంచి ఎల్ దాకా కాగితాలే లేవు. పాత పుస్తకం కదా, చెదలు తినేసింది. ఇక నువ్వు చెప్పు, నేను వింటాను."

మాయక్క నమ్మింది. చెదలు తింటే మనిషేం చేస్తుంది? పాపం, ఈ పిల్ల తన వంతు చెప్పలేకపోయానని బాధపడుతుందేమో అనుకుని, తన సగం ఇంకా వేగంగా చెప్పసాగింది. టెన్, వెన్, వెర్ట్, వోక్, ఆఖరి కాగితం దాకా. ఏ రోజుకారోజు, కొంచెం కూడా దాచకుండా.

పరీక్ష దగ్గర పడుతుండగా గంగవ్వకు నడుం పట్టేసింది. పెరట్లో నీళ్ళ కాగు కింద పొయ్యి రాజేయడానికి ఆమె వంగలేకపోతోంటే, మాయక్క కట్టెలు లాక్కుంది. "నువ్వు పో అవ్వా. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చిన విద్య."

"పరీక్ష పిల్లవు, నీకెందుకే ఈ మసి?"

"మసంటితే మార్కులు తగ్గవులే."

కాగు స్నానాలగది గోడలోకే కట్టి ఉంది. పొయ్యి నోరు పెరటి వైపు. దాని పైన గాలికోసం వదిలిన చిన్న కన్నం. అందరికంటే ముందు స్నానం దాక్షాయణిది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు, వాటితో పాటు ఆమె గొంతు. పాఠం వల్లించుకోవడానికి నీళ్ళ చప్పుడు ఉండాలని దాక్షాయణి ఎప్పుడూ అనేది. ఇన్నాళ్ళూ ఆ వేళకి మాయక్క మేడ మీద లెక్కలు చేసుకుంటుండేది కాబట్టి ఆ వల్లె ఎన్నడూ వినలేదు.

"ఫ్యూగ్, పారిపోవడం. ఫ్యుజిటివ్, రెఫ్యూజీ... గ్రాట్, సంతోషపెట్టడం... గ్రెగ్, మంద. కాంగ్రెగేట్, మందగా చేరడం. సెగ్రెగేట్, మంద నుంచి వేరుచేయడం..."

పొయ్యిలో పెట్టబోయిన కట్టె మాయక్క చేతిలోనే ఉండిపోయింది.

ఎఫ్, జి. చెదలు తినేసిన కాగితాలు. ఒక్కో మాటా పూసగుచ్చినట్టు, ఎన్నాళ్ళుగానో వల్లించిన నోటితో వస్తున్నాయి. అన్నిటికంటే గ్రెగ్ దగ్గర ఆమె గుండె కలుక్కుమంది. మంద. అది తన ఇంటి మాట. తన తండ్రి నాలుక మీద పుట్టి పెరిగిన మాట. దాన్ని కూడా దాచిందా? పొగ కళ్ళలోకి పోయిందని కొంగుతో తుడుచుకుంది. పొగ అటు పోవడం లేదు, గాలి ఎదురుగా ఉంది.

అప్పటికీ ఒక్క అవకాశం ఇచ్చింది. మర్నాటి నడకలో ఏమీ ఎరగనట్టు అడిగింది: "ఔనే దాక్షా, ఆ చెదలు తిన్న కాగితాలు... ముక్కాచెక్కా అయినా మిగల్లేదా?"

"దుమ్మేనే బాబూ. దులిపి పారేశా." గేటు బయట బండి దగ్గర ఆగి గిర్మిట్ కొని, మరమరాల్లోని ఉల్లిపాయ ముక్కలన్నీ ఏరి మాయక్క పొట్లంలో వేసింది. మాయక్కకు ఉల్లిపాయంటే ఇష్టమని ఆమెకు గుర్తుంది. "తిను. ఏం, అలా ఉన్నావ్?"

"పొగ" అంది మాయక్క.

అబద్ధం కంటే ఆ ఉల్లిపాయ ముక్కలే ఎక్కువ గుచ్చుకున్నాయి. మనసులో ఇంత చోటుంచుకున్న మనిషి, ఆ చోటు పక్కనే అంత మూట ఎలా దాచింది?

ఆ మధ్యాహ్నం ఆమెకూ పాడు ఆలోచన వచ్చింది. తనూ దాచేస్తే? వెనక సగం తన చేతిలోనే కదా. క్యాలెండరు కాగితం తొడిగిన సగాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరగేసింది. చెప్పనిదేదీ మిగల్లేదు. లెక్కలూ అంతే. తనకు తెలిసిన కిటుకులన్నీ దాక్షాయణి చేతికి పోయాయి. పగ తీర్చుకోవడానికైనా గుప్పిట్లో ఏమీ ఉంచుకోని మనిషిని చూసుకుంటే, ఆమెకు తన మీదే జాలి వేసింది.

ముఖం మీద అడిగేద్దామనుకుంది. అడిగితే దాక్షాయణి ఏడుస్తుంది, లేదా ఇంకో అబద్ధం చెబుతుంది. రెండూ అయ్యేలోగా పరీక్ష వచ్చేస్తుంది. కొత్త పుస్తకం కోసం కొట్లన్నీ తిరిగింది. పరీక్షలు దగ్గర కదా, ఎక్కడా లేదు. అన్న గొంతు చెవిలో మోగింది. వచ్చెయ్.

మర్నాడు గంగవ్వ నడుం కాస్త కుదుటపడ్డా, మాయక్క ఆమెను పొయ్యి దగ్గరకు రానివ్వలేదు.

ఆ తర్వాత రోజూ అదే పని. పొయ్యి ముందు గొంతుక్కూచుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, కన్నంలోంచి వచ్చే మాటలు పట్టుకునేది. నీళ్ళ చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోయేవి. వేరు దొరికితే కొమ్మలు తనే ఊహించేది. కట్టెపుల్లతో బూడిదలో రాసి, చెరిపేసేది. తను ఎవరికైతే రోజూ ఎదురుగా నిలబడి, చేతులూ కళ్ళూ తిప్పి పాఠం చెప్పిందో, అదే మనిషి పాఠాన్ని గోడవతల నుంచి దొంగలా ఏరుకుంటోంది. సిగ్గుగా ఉండేది. సిగ్గుపడాల్సింది తను కాదని తెలిసినా సిగ్గుగానే ఉండేది. ఓ రోజు గంగవ్వ వచ్చి పక్కన పీట వేసి, ఏమీ అడక్కుండా గ్లాసుతో టీ పెట్టి వెళ్ళింది. ఆ టీ లేకపోతే ఆ ఉదయం ఆమె లేచి గదికి పోయేదే.

పరీక్షకు ముందు రోజు పొద్దున, వల్లెవేత మధ్యలో కుళాయి ఆగిపోయింది.

నీళ్ళు పడటం లేదు. చెంబు చప్పుడూ లేదు. గొంతు మాత్రం వస్తోంది, ఇదివరకటిలా గబగబా కాదు. నెమ్మదిగా, పక్కన నడుస్తున్న మనిషికి చెబుతున్నట్టు, ఒక్కో మాట రెండేసి సార్లు.

"గ్రెగ్ అంటే మంద. మంద. ఎగ్రీజియస్ అంటే మందలోంచి బయటపడ్డది. అందరిలో కొట్టొచ్చినట్టు కనబడే చెడ్డది. చెడ్డది... లూక్ అంటే వెలుగు..."

మాయక్కకు తెలిసిపోయింది. తను ఇక్కడ కూర్చుంటున్నట్టు దాక్షాయణికి తెలుసు. బూడిదలో అక్షరాల తోక చూసిందో, మసి చేతులు చూసిందో. తెలిసి చెబుతోంది. కానీ తలుపు తీయడం లేదు.

లేచి వెళ్ళిపోవాలనిపించింది. తన చేత్తో నిండుగా ఇచ్చినదానికి, కన్నంలోంచి బిచ్చమా? కాళ్ళు లేవబోయాయి. అన్న చెప్పే మాట గుర్తొచ్చింది, వచ్చెయ్. మాయక్క కూర్చునే ఉంది. ఎల్ ఆఖరి దాకా విన్నది. పెదాలు కదపకుండా అప్పజెప్పుకుంది.

దాక్షాయణి పొడి జుట్టుతోనే బయటికి వచ్చింది. పొయ్యి వైపు చూడకుండా అంది: "నీళ్ళు నీకు ఉంచాను. చల్లారకముందే పోసుకో."

మాయక్క ఆఖరి కట్టె లోపలికి తోసింది. తల ఎత్తలేదు.

ఆ పరీక్షలో మాయక్క గట్టెక్కింది. దాక్షాయణికి ఇంకో ఏడు పట్టింది. అదంతా తర్వాతి మాట. పరీక్ష హుబ్బళ్ళిలో రాశారు. ఆ సాయంత్రం అక్కడి స్టాండులో ధార్వాడ బస్సు కిటకిటలాడుతోంది. దాక్షాయణి ముందే వచ్చి, కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టింది. తన పక్క సీటు మీద ఆ నీలం రుమాలు పరిచి ఉంచింది, రోజూ కోచింగు బస్సులో మాయక్క కోసం ఉంచినట్టే.

"మాయీ, ఇటు! నీకే పట్టాను." రుమాలు అంచు సరిచేసింది. "గ్రెగ్ వచ్చింది కదా?"

"వచ్చింది."

"రాశావా?"

"మా ఇంటి మాట. రాయకుండా ఉంటానా?"

మాయక్క ఆ సీటు దాటి వెనక్కి వెళ్ళి, పైన కడ్డీ పట్టుకుని నిలబడింది. రుమాలు అలాగే ఉంది. నవనగర దగ్గర ఎవరో దాని మీదే కూర్చున్నారు. దాక్షాయణి అడ్డం చెప్పలేదు. కిటికీ వైపు తిరిగింది. బస్సు కుదిపినప్పుడల్లా మాయక్క భుజం లాగేస్తోంది. వెనక సీట్లో కూరల గంప ఒళ్ళో పెట్టుకున్న ఓ ముసలామె ఆమెను కాసేపు చూసింది. గంప నేల మీదికి దించి, కాళ్ళ మధ్య ఇరికించుకుని, జరిగి చోటు చేసింది.

"ఎంతసేపని నిలబడతావు తల్లీ. కూర్చో."

మాయక్క కూర్చుంది. కొత్తిమీర వాసన వేస్తోంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది.

"పరీక్ష పోయిందా?" అడిగింది ముసలామె.

"లేదవ్వా," అంది మాయక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బాగానే రాశాను."