నెత్తళ్ళ పగ

తెల్లవారకముందే పిల్లి తూఫో ఎర్సీలియా చెంప మీద పంజా పెట్టింది. గోళ్ళు బయటికి తీయలేదు. చెంప అయ్యాక ముక్కు, ముక్కు అయ్యాక పెదవి. ఆమె దుప్పటి తల మీదికి లాక్కుంది. పిల్లి దుప్పటి అంచును పళ్ళతో పట్టుకుని లాగింది. అప్పటికీ ఆమె లేవకపోయేసరికి తలుపు దగ్గరికి పోయి చెక్కను గీకుతూ అరిచింది. ఆమె లేచి తలుపు తీసింది. పిల్లి మెట్లు దిగి పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, మంచమెక్కి, ఆమె వదిలిన చోట ముడుచుకుని పడుకుంది. ఎర్సీలియాకి మళ్ళీ నిద్ర పట్టలేదు.

ఈస్టర్ వెళ్ళినప్పటి నుంచీ రోజూ ఇదే. అంతకుముందు ఆ పిల్లి ఆమెకంటే ఆలస్యంగా లేచేది.

ఎర్సీలియా ఇంట్లోనే తోలు గ్లౌజులు కుట్టేది. నేపుల్స్‌లో మా సనితా పేట ఆడవాళ్ళలో ఆ పని తెలియనివాళ్ళు అప్పట్లో తక్కువ. భర్త పోయాడు. పిల్లలు లేరు. ఉన్నది ఒకటే గది. మంచం, పొయ్యి, కుట్టుమిషను అన్నీ అందులోనే. మిషను ఆమెది కాదు, పని ఇచ్చే డోన్ ఎత్తోరేది. మా పేటలో మర్యాదకి మగవాళ్ళని డోన్ అనీ, ఆడవాళ్ళని దొన్న అనీ అంటాం. పని ఉన్నన్నాళ్ళు మిషను ఆమె ఇంట్లో ఉంటుంది. పని పోతే బండి వచ్చి పట్టుకుపోతుంది.

గ్లౌజుకి బొటనవేలు విడి ముక్క. దాన్ని చివర్లో తిప్పి కుట్టాలి. మే నెలలో ఎర్సీలియా ఒక జతలో ఎడమ బొటనవేలు కుడి చేతికి కుట్టింది. అది మేకపిల్ల తోలు. కుట్టు విప్పినా సూది పడిన చిల్లు పూడదు. డోన్ ఎత్తోరే ఆ గ్లౌజు తొడుక్కుని, వెనక్కి తిరిగిన బొటనవేలిని ఆమెకి చూపించాడు.

“ఇది ఎవరికి, దొన్న ఎర్సీలియా? పుట్టుకతోనే చెయ్యి తిరగబడ్డవాడికా?”

“నిద్ర లేదండి.”

“పడుకోవద్దని నేనన్నానా?”

“మా పిల్లి అంటోంది.”

ఆయన నవ్వలేదు. “ఈ ఆర్డరు మిలాన్ వాళ్ళది. జూన్ ఆఖరికి వెళ్ళాలి. ఇంకో బొటనవేలు దారి తప్పిందంటే మిషను వెనక్కి తెప్పించుకుంటాను. పిల్లుల గొడవ నాకు చెప్పకండి.”

ఎర్సీలియా ఇంటికి సరిగ్గా కింద చేపలమ్మే సబతీనో, అతని భార్య రకేలే ఉండేవారు. రకేలే బాల్కనీలో బట్టలారేస్తూ తల పైకెత్తి మాట్లాడేది. ఎర్సీలియా ఆమెకి పిల్లి సంగతీ, మిషను పోతుందన్న బెదిరింపూ చెప్పుకుంది. పెళ్ళికి ముందు పుట్టింట్లో పిల్లుల్ని పెంచింది కాబట్టి ఆమె దగ్గర సలహాలున్నాయి.

“రాత్రి పొద్దుపోయాక పెట్టండి దానికి తిండి. కడుపు నిండితే తెల్లారేదాకా కదలదు.”

“పెట్టాను.”

“పడుకోబోయే ముందు దారంతో ఆడించండి. అలిసిపోవాలి.”

“ఆడించాను. నేనలిసిపోయాను.”

“అయితే అరిచినా లేవకండి. ఒక్కసారి లేచారంటే, అరిస్తే పనవుతుందని దానికి తెలిసిపోతుంది. మా ఆయన్ని నేనలాగే దారికి తెచ్చాను.”

“మీ ఆయన తలుపు గీకేవాడా?”

“ఇంచుమించు.”

ఎర్సీలియా అదీ చేసింది. పిల్లి అరిచింది, ఆమె లేవలేదు. పిల్లి అలమర ఎక్కి కాఫీ కాచే గిన్నెను కింద పడేసింది, ఆమె లేవలేదు. చివరికి బల్ల మీద కత్తిరించి పెట్టిన తోలు మీద అది పంజా పెట్టబోతే లేచి తలుపు తీసింది.

సలహాలు అయిపోయాక ఆమె పగ పట్టింది. పగలంతా పిల్లి పడుకునేది. అది కన్ను మూసినప్పుడల్లా ఎర్సీలియా గరిటెతో పళ్ళెం మీద కొట్టేది. “లే! నా నిద్ర నువ్వు తింటే నీ నిద్ర నేను తింటాను.” పిల్లి కిటికీలోకి మారితే అక్కడికి పోయి కొట్టేది. మంచం కిందికి దూరితే చీపురు పెట్టి తోసేది. ఆఖరికి దాని మెత్తను తెచ్చి మిషను బల్ల కింద, కాలితో తొక్కే చోటి పక్కన వేసింది. మధ్యాహ్నం వేళ మిషనులో తోలు లేకపోయినా ఊరికే తొక్కేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పేటలో కిటికీ రెక్కలు మూసేస్తారు. ఆ వేళకి కొంత్రోరా అని పేరు. అప్పుడు ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. వీధిలో బంతి ఆడిన పిల్లలకి దెబ్బలు పడతాయి. ఎర్సీలియా కూడా పూర్వం ఆ వేళ మిషను ముట్టేది కాదు. మిలాన్ ఆర్డరు వచ్చాక, ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో, చెయ్యి ఆపితే పని తెమలదని ముట్టడం మొదలుపెట్టింది. మొదటిరోజే సబతీనో కింది నుంచి చీపురుకట్టతో పైకప్పును పొడిచాడు. తరువాత బాల్కనీలోకి వచ్చాడు.

“దొన్న ఎర్సీలియా! ఈ వేళ దెయ్యాలు కూడా పడుకుంటాయండీ!”

“దెయ్యాలకి డోన్ ఎత్తోరే పని ఇవ్వలేదు.”

“చీకట్లో లేచి మార్కెట్టుకి పోయేవాణ్ణి. నాకున్న నిద్ర ఇదొక్కటే.”

“చెవుల్లో దూది పెట్టుకోండి.”

అతను లోపలికి పోయాడు. చీపురు చప్పుడు మళ్ళీ వినబడలేదు. సర్దుకున్నాడని ఆమె అనుకుంది.

బల్ల కింది పిల్లి మిషను మోతకి త్వరగానే అలవాటు పడి హాయిగా నిద్రపోయింది. పైగా తెల్లవారుజామున ఇంకా ముందే లేపడం మొదలుపెట్టింది.

ఒకనాడు అది బయటి నుంచి తిరిగొచ్చి, మంచమెక్కి, ఎర్సీలియా మొహంలోకి ఆవులించింది. నెత్తళ్ళ వాసన వచ్చింది. గుడ్ ఫ్రైడే నుంచీ ఆ ఇంట్లో చేప వండలేదు.

మర్నాడు ఆమె పిల్లికంటే ముందే మేలుకుని కదలకుండా పడుకుంది. మెట్ల దారిలో కింది నుంచి సన్నగా ఈల వినబడింది. పిల్లి చెవులు లేచాయి. ఆ తరువాతే పంజా ఆమె చెంప మీద పడింది. ఆమె రోజూలాగే విసుక్కుంటూ లేచి తలుపు తీసింది. పిల్లి దిగిపోయాక చెప్పులు విడిచి వెనకాలే మెట్లు దిగింది.

సబతీనో తన గడప మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. మార్కెట్టుకి పోవడానికి రబ్బరు బూట్లు వేసుకున్నాడు. ముందు కాగితం పరిచి ఉంది, కాగితం మీద నెత్తళ్ళు. వేలితో ఒక్కొక్క చేప చీల్చి ముల్లు తీసి పిల్లికి అందిస్తున్నాడు.

“తిను నాన్నా. ఉండు, ముల్లు తియ్యనీ, గొంతులో గుచ్చుకుంటుంది. ఏం, ఇవాళ త్వరగానే లేచిందే మీ అమ్మ? రేపు ఇంకాస్త ముందే లేపుదాం. మన మధ్యాహ్నం ఆవిడ తింటోంది, ఆవిడ తెల్లవారుజాము మనం తిందాం. న్యాయమే కదా? అదిగో, తల ఊపుతున్నావు. బంగారు తండ్రివి.”

ఎర్సీలియా చప్పుడు చేయకుండా పైకి వెళ్ళిపోయింది. అప్పుడే అరిచి ఉంటే మేడంతా నవ్వేది, అతనూ నవ్వేవాడు, అంతటితో పోయేది. అలా పోవడం ఆమెకి ఇష్టం లేదు. మంచం మీద కూర్చుని చర్చి గంటలు కొట్టేదాకా ఆలోచించింది. ఆ పిల్లికి సబతీనో అంటే చేప. అతను ఎక్కడుంటే అక్కడ చేప ఉంటుందని దాని నమ్మకం.

ఆ మధ్యాహ్నం ఆమె మిషను ముట్టలేదు. పిల్లికి తిండి పెట్టలేదు. మా మేడల్లో ప్రతి బాల్కనీకీ ఒక బుట్ట, దానికో తాడు ఉంటాయి. కింద కూరగాయలవాడు వస్తే మెట్లు దిగకుండా బుట్ట వదిలి సరుకు లాక్కుంటాం. కింది బాల్కనీ ఆమెదానికంటే జానెడు ముందుకు ఉంటుంది. వీధి సద్దుమణిగాక ఎర్సీలియా పిల్లిని బుట్టలో కూర్చోబెట్టి, తాడు వదులుతూ సబతీనో బాల్కనీలోకి దించింది.

లోపల సబతీనో గాలికోసం రెక్క ఓరగా తెరిచి పడుకున్నాడు. పిల్లి బుట్ట దిగింది. రెక్కను గీకింది. అతని వాసన తగిలి అరిచింది.

“పో! ష్! పొమ్మంటే!” సబతీనో గొంతు గుసగుసగానే ఉంది. కొంత్రోరాలో గొంతెత్తకూడదు.

పిల్లికి ఆ నియమం లేదు. ఎదురింటి రెక్క ధడాలున తెరుచుకుంది.

“సబతీనో! ఆ పిల్లి నోరు మూయించవయ్యా!”

“నా పిల్లి కాదు!”

“నీ బాల్కనీలో అరుస్తుంటే ఎవరిదంటావు, పోపుగారిదా?”

పక్కింటి కిటికీ కూడా తెరుచుకుంది. “పొద్దస్తమానం కొట్లో అరుస్తావు చాలదూ, ఈ వేళ కూడానా?”

సబతీనో వంటింట్లోకి పరిగెత్తి ఒక చేప తెచ్చి పడేశాడు. పిల్లి తిని, ఇంకొకదాని కోసం అరిచింది. మర్నాడూ బుట్ట దిగింది. ఆ మర్నాడూ దిగింది. చేప పెడితే రేపు వస్తుంది. పెట్టకపోతే ఇప్పుడు అరుస్తుంది. సబతీనోకి ఈ రెండే దారులు మిగిలాయి.

మూడోరోజు సాయంత్రం రకేలే బాల్కనీలోకి వచ్చి తల పైకెత్తింది. “మీ పిల్లి మా ఆయన్ని మరిగిందేమిటి, దొన్న ఎర్సీలియా?”

“పిల్లి గురించి మీరు చెప్పినవన్నీ మంచి మాటలే, దొన్న రకేలే. నాకు కాదు, మీ ఆయనకి చెప్పి ఉండాల్సింది.” ఈల దగ్గర నుంచి కాగితం దాకా చెప్పింది.

రకేలే చేతిలో తడిచొక్కా అలాగే ఉంది. “ఏ నెత్తళ్ళు?”

“వెండిలా మెరుస్తున్నాయి.”

“మంచుగడ్డల్లో దాచే తాజావి పిల్లికా? నాకు మాత్రం సాయంత్రం అమ్ముడుపోక మిగిలినవి తెస్తాడు.”

ఆ రాత్రి కింది ఇంట్లో పళ్ళేల చప్పుడు గట్టిగా వినబడింది.

తెల్లవారుజాము ఈల ఆగిపోయింది. పిల్లి కొన్నాళ్ళు అలవాటు కొద్దీ పంజా పెట్టింది. ఎర్సీలియా కదల్లేదు. కింది నుంచి పిలుపు లేదు కాబట్టి పిల్లి కూడా పట్టు పట్టలేదు. తరువాత అది లేవడం మానేసింది. ఎర్సీలియా చర్చి గంటల దాకా పడుకుంది. మధ్యాహ్నం మిషను ముట్టకుండానే పని తెమిలింది. జూన్ ఆఖరున డోన్ ఎత్తోరే ప్రతి గ్లౌజూ తొడుక్కుని బొటనవేలు ఆడించి చూశాడు. కొత్త తోళ్ళ కట్ట బల్ల మీదికి తోశాడు. మిషను ఇంట్లోనే ఉండిపోయింది.

బుట్ట మాత్రం దిగుతూనే ఉంది.

జూలై మొదట్లో సబతీనో మెట్లెక్కి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

“ఈల ఆపేశానండి.”

“తెలుసు. నిద్రపోతున్నాను కదా.”

“మీరూ మధ్యాహ్నం మిషను తొక్కడం లేదు. ఇంకేంటి మరి? నిన్న కొట్లో త్రాసు మీద చెయ్యి పెట్టి నిద్రపోయాను. బేరానికొచ్చినావిడ నిమ్మకాయ పెట్టి కొట్టి లేపింది.”

“గట్టిగా తగిలిందా?”

“నవ్వకండి. తప్పయింది. క్షమించమంటున్నాను.”

ఎర్సీలియా నవ్వడం లేదు. “మిషను పోయి ఉంటే నేను ఈ వయసులో ఇల్లిల్లూ తిరిగి గిన్నెలు తోముకునేదాన్ని. ఆ సంగతి మీకు తెలుసు. మీ ఆవిడకి చెప్పుకున్నాను, మీరు విన్నారు. అయినా మర్నాడు ఈల వేశారు. పిల్లి గొంతులో ముల్లు గుచ్చుకుంటుందని మాత్రం ఒక్కొక్క చేపా చీల్చి పెట్టారు. నేను మెట్లమీద నిలబడి చూశాను.”

సబతీనో టోపీ అటూ ఇటూ తిప్పాడు. “ఎన్నాళ్ళిలా?”

“ఈస్టర్ నుంచి జూన్ దాకా మీరు లేపారు. నేనిప్పుడే కదా మొదలుపెట్టింది.”

ఆమె తలుపు వేసుకుంది.

ఆ మధ్యాహ్నం సబతీనో బాల్కనీ రెక్కలు రెండూ మూసి గడియ పెట్టి పడుకున్నాడు. గదిలో గాలి ఆడలేదు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. అయినా కళ్ళు మూతలు పడుతున్నాయి. మంచానికి అవతలి వైపు నుంచి రకేలే లేచి వెళ్ళి గడియ తీసింది.

“ఏం చేస్తున్నావే?”

“ఊపిరాడటం లేదు.”

“పిల్లి వస్తుంది!”

“రానీ. తాజావి ఉన్నాయిగా, పెట్టు.”

ఆమె రెక్క పూర్తిగా తెరవలేదు. పిల్లి పట్టేంత సందు వదిలింది. తిరిగొచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది.