ఇరుసు గొట్టంలో తీగ

వెర్లన్ హాస్కెట్ ట్రెయిలరు కింద వెల్లకిలా పడుకుని మూడోసారి ఆ నీలి తీగను తడిమి చూశాడు. బ్రేకులకు కరెంటు మోసే తీగ అది. ఎడమ చక్రం దగ్గర బాగుంది, కుడి చక్రం దగ్గరా బాగుంది. నడుమ మాత్రం ఇరుసు గొట్టంలోంచి పోతుంది, అక్కడేముందో కనబడదు. పైన నాలుగు కంచరగాడిదలు కాళ్లు మారుస్తుంటే పేడ నీళ్లు ఆయన కాలరు మీద పడుతున్నాయి. వయసు అరవై మూడు. అందులో ముప్పై ఒక్క ఏళ్లు అమెరికాలో వయోమింగ్‌లోని ఈ రిపేరు షెడ్డులోనే, ఈ చల్లటి గచ్చు మీదే, ఎవరిదో ఒక బండి కిందే గడిచాయి.

"సంతకం పెడతావా, పెట్టవా?" షాపు యజమాని అల్లుడు ట్రెంట్ తనిఖీ కాగితం ఊపుతూ వంగాడు. "బ్రేకులకు కొత్త కంట్రోలరు డబ్బా బిగించాను. బ్రేకులు పట్టాయి. నీ కళ్లతో చూశావుగా!"

"నిలబెట్టి చూస్తే పాతదానితోనూ పట్టాయి. దారిలో గతుకుల్లో కదా బ్రేకులు పోయింది?"

ట్రెయిలరూ, కంచరగాడిదలూ పక్కనే నిలబడ్డ రోవీనావి. "పెద్దాయనా, కింద కునుకు తీస్తున్నావా ఏంటి?" అందామె. "నాలుగింటికల్లా కొండ అవతల సంతలో ఉండాలి నేను."

వెర్లన్‌కు ఒళ్లు మండిపోయింది, ఇద్దరి మీదా. తొమ్మిది మైళ్ల దిగుడు. వెనక నాలుగు టన్నులు తోసుకొస్తుంటే ఆపేది స్టీరింగు కింద మెరిసే కొత్త డబ్బా కాదు. ఆయన పాక్కుంటూ బయటికొచ్చి, జాకీతో ఎత్తి ఇరుసు కింద దిమ్మలు పెట్టి, చక్రం ఊడదీసి, దాన్ని దొర్లించుకెళ్లి గోడకు చేరవేశాడు. ఇక బండి ఎలా కదులుతుందో చూద్దాం!

"పిచ్చెక్కిందా?" ట్రెంట్ అరిచాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? ఆవిడే పోతానంటుంటే!"

"ఆవిడకి తెలీదు. నీకూ తెలీదు. నోర్ముయ్."

ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. ట్రెంట్ మొహం కందిపోయింది. "ఇవాళ్టితో సరి. నీ సామాన్లు సర్దుకో."

"సర్దుకుంటా. చక్రం ఎక్కించాక."

తీగ రెండు కొసలూ విప్పి, మీటరును ఒకవైపు తీగకు, మరోవైపు ఇరుసుకు తగిలించాడు. లోపల తీగ ఇనుముకు తగిలితే ముల్లు కదలాలి. కదల్లేదు. ట్రెంట్ నవ్వాడు. వెర్లన్ లేచి ట్రెయిలరు గోడను అరచేత్తో గట్టిగా చరిచాడు. లోపల ఓ మొండి కంచరగాడిద ఫెడీమని తన్నింది. ఇరుసు అదిరింది, ముల్లు ఎగిరిపడింది. మళ్లీ చరిచాడు. మళ్లీ తన్నింది, మళ్లీ ఎగిరింది.

తీగ లాగితే నడుమ రెండంగుళాల మేర తొడుగు అరిగిపోయి రాగి బయటపడి ఉంది.

"గతుకొచ్చినప్పుడల్లా ఇది ఇనుముకు తగుల్తోందమ్మా. తగిలితే బ్రేకుల్లేవు."

రోవీనా తీగ వంక చూసింది. తర్వాత గడియారం వంక చూసింది. "ఇంకెంతసేపు?" అని మాత్రం అడిగింది.

కొత్త తీగను ఆయన గొట్టంలోకి దూర్చలేదు. ఇరుసు పైనుంచి తెచ్చి, టంకం పెట్టి, నాలుగు చోట్ల బిగించి కట్టాడు. చక్రం ఎక్కించాడు. బండిని పెరట్లో గతుకుల మీద తానే తోలి, ట్రెయిలరు బ్రేకు మాత్రమే నొక్కాడు. చక్రాలు టక్కున బిగుసుకుని కంకరలో దిగబడ్డాయి. అప్పుడు సంతకం పెట్టాడు. పనిముట్ల పెట్టెను ఒక్కడే మోసుకెళ్లి తన పాత బండిలో పడేశాడు. షెడ్డులో పనివాళ్లొక్కరూ చెయ్యి వేయలేదు. ట్రెంట్ ఫోనులోంచి తలెత్తలేదు. వెర్లన్ వెళ్లిపోయాడు.

మూడున్నరకు రోవీనా కొండ దిగింది. ఏమీ జరగలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చేసిన పని అదే, ఏమీ జరగకుండా చూడటం. జరగనిదానికి ఎవరు దండ వేస్తారు?

షెడ్డులో ట్రెంట్ బల్ల మీద, సంతకమున్న కాగితం గాలికి పోకుండా ఎవరో ఆ పాత నీలి తీగను చుట్టగా చుట్టి బరువు పెట్టారు, అరిగినచోట రాగి పైకి కనబడుతూ.