పసుపు పెట్టిన అచ్చు

చిత్తూరులో బాలచంద్ర చేసే గిటార్లకు పేరుంది. ఆ పేరులో సగానికి పైగా ధరణిదేనని బాలచంద్రకు తెలుసు, షెడ్డులో చెక్కలకు తెలుసు. తెలియనిదల్లా ధరణికే.

ధరణి అతని అన్న కూతురు. అన్న పోయాక చేరదీసి, ఉలి పట్టడం నేర్పి, మనిషిని చేశానని ఊరంతా చెప్పుకునేవాడు. నేర్పిన మాట నిజమే. తన చూపు మసకబారినప్పటి నుంచి గిటారు తలలన్నీ ఆ పిల్లే కోస్తోందన్న ముక్క మాత్రం ఎక్కడా నోరు జారేవాడు కాదు.

తీగలు బిగించే మరలు ఉండేది గిటారు తలలోనే. అది కాస్త వెనక్కి వాలాలి. అందుకని మెడ చెక్కను ఏటవాలుగా కోసి, తెగిన ముక్కను తిరగేసి అతికిస్తారు. ఆ కోత ప్రతిసారీ ఒక్కలాగే రావడానికి బాలచంద్ర ప్లైవుడ్డుతో ఒక అచ్చు కట్టుకున్నాడు. ఒక వాలుపలక, చెక్కను ఆనించడానికి ఒక అడ్డపట్టీ, అంతే. చూడ్డానికి విరిగిన పీటలా ఉంటుంది గానీ షెడ్డు బతికేది దానిమీదే.

దసరాకు ముందు ధరణి వచ్చి ఎదురుగా నిలబడింది.

"సిన్నాయనా, తిరుపతిలో కొర్లగుంటలో గది సూసినాను. సొంతంగా పెట్టుకుందామని ఉండాది. గ్రేసీ టీచరు క్రిస్మస్‌కి వాళ్ల సర్చికి గిటార్లు సెయ్యమనింది. నువ్వు సరేనంటేనే పోతాను."

బాలచంద్ర లోలోపల రగిలిపోయాడు. నేర్పించింది ఇందుకా? రేపు తలలు కోసేదెవరు? మొహాన మాత్రం నవ్వు పులుముకున్నాడు.

"పో పాపా, నేనొద్దంటానా! ఆయుధపూజ అయినంక నా అచ్చు గూడా నువ్వే తీస్కపో."

ధరణికి కళ్లనీళ్లు తిరిగాయి. తడిగుడ్డతో గొంతు కోసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

పూజనాడు ఆమె పూలకని బజారుకు వెళ్లింది. బాలచంద్ర అడ్డపట్టీ మరలు వదులు చేసి, దాని ఒక కొసను రవ్వంత చిత్రిక పట్టి, మళ్లీ బిగించాడు. ఆ తర్వాత తనే అచ్చుకు పసుపు రాసి కుంకుమ పెట్టాడు. మర్నాడు తాంబూలంతో సహా చేతికిస్తే ధరణి కళ్లకద్దుకుంది.

తిరుపతిలో ఆ రవ్వంత తప్పు, ముక్క తిరగేసి అతికేసరికి రెట్టింపైంది. తలలన్నీ ఓ పక్కకు ఒరిగాయి. అంగట్లో కొన్న సామానైతే ధరణి ముందు మూలమట్టం పెట్టి కోణం సరిచూసేదే. కానీ ఇది చిన్నాయన చేత్తో పసుపు పూసి ఇచ్చినది. ప్రసాదాన్ని ఎవరైనా వాసన చూసి తింటారా? అందుకే తన మణికట్టునే అనుమానించింది. మళ్లీ కోసింది, అరగదీసింది, సందుల్లో చెక్క పేళ్లు పెట్టి సర్దింది. క్రిస్మస్ ఆరాధనలో, అందరి ముందూ, పాట మధ్యలోనే తీగలు శ్రుతి తప్పాయి. గ్రేసీ టీచరు గిటార్లన్నీ వెనక్కి పంపేసింది.

ధరణి ఫోన్లో ఈ సంగతులు ఒక్కొక్కటే చెబుతుంటే బాలచంద్ర "అయ్యో" అంటూ విన్నాడు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. ఇక్కడ అతను కొత్త అచ్చు కట్టుకున్నాడు గానీ, మసక కళ్లతో కోసిన తలలన్నీ పొయ్యిలోకే పోతున్నాయి. రానీ, ఎక్కడికి పోతుంది, అనుకున్నాడు.

సంక్రాంతి దాటాక ఒక గిటారు పట్టుకుని ధరణి బస్సు దిగింది.

"తప్పు యాడుండాదో నువ్వే సెప్పాల సిన్నాయనా."

బాలచంద్ర ఒరిగిన తలను బొటనవేలితో తడిమాడు.

"సెక్కది తప్పు లేదు, అచ్చుది లేదు. నీ సెయ్యే నిలకడ లేదు పాపా. ఈడున్నన్నాళ్లూ నీ తప్పులు నీకు తెలీకుండా నేనే సర్దుకుంటా వచ్చినాను. పోనీలే, వచ్చెయ్యి. నా కింద పని సేసుకో."

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇన్నేండ్లూ నా తప్పులన్నీ నువ్వు మోసినావా? ఒక్క మాట గూడా అనకుండా?" చేతులు దించేసింది. "ఇంక నీకా బరువొద్దు. గదిలో రంపాలూ ఉలులూ అన్నీ ఇచ్చేస్తాను. తిరుపతి గాంధీరోడ్డులో సీరలంగట్లో పనికి పోతాను. ఈ సేతుల్తో ఇంక సెక్క ముట్టను."

బాలచంద్ర గిటారు పక్కన పెట్టేశాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది.

"అట్లంటే ఎట్ల? మళ్లీ నేర్పిస్తా."

"ఇంకెంత నేర్పుతావు సిన్నాయనా? రాని సేతికి?"

ఆమె అతని మాట నమ్మింది. ఎప్పుడూ నమ్మినట్టే, పూర్తిగా నమ్మింది. ఆపాలంటే ఒక్క నిజం చెబితే చాలు. చెబితే ఈ పిల్ల ముందు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆమె బతుకునూ తన మొహాన్నీ తూచి చూసుకున్నాడు. తన షెడ్డు కూడా ఈ పిల్లతోనే పోతుందని తెలిసీ, పాపిష్టివాడికి మొహమే ఎక్కువైంది.

ధరణి వంగి కాళ్లకు మొక్కింది.

"సల్లగా ఉండు పాపా," అన్నాడు బాలచంద్ర.

ఆమె లేచి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు చేతులు రెండూ చున్నీలో దాచుకుని బస్టాండు వైపు నడిచింది.