అడుగు వేయని కుడికాలు

నేను ఒక కాలిని. కుడికాలిని. మోకాలి కింది నుంచి పాదం వరకూ ఉంటాను, నిలబెడితే చిన్న బిందె ఎత్తు. విమానం ఎక్కాను, దిగాను, రెండు దేశాల అధికారుల చేతుల్లో అటూ ఇటూ దొర్లాను. అడుగు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ వేయలేదు.

పుట్టుకతో నేను పైపును. బోరుబావిలోకి దింపే పైపులు చూశారు కదా, మాది ఆ జాతే. ఒకే లారీలో కరీంనగర్ వచ్చిన మా వాళ్ళలో చాలామంది పొలాలకు పోయి భూమిలోకి దిగారు. వాళ్ళకు నీళ్ళు తగిలాయో లేదో నాకు తెలియదు. నన్నూ మరికొన్నింటినీ ఒక ఆటోలో వేసుకుని బస్టాండు వెనక వీధిలోని రేకుల షెడ్డుకు తెచ్చారు. అక్కడ కాళ్ళు లేనివాళ్ళకు ఉచితంగా కాళ్ళు చేసిపెడతారు. నడిపేది నరహరి సారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన పేరుకు అధ్యక్షుడే గాని, షెడ్డులో మాట చెల్లేది కనకవ్వకే.

కనకవ్వ వయసులో ఉన్నప్పుడు పంట నూర్చే యంత్రంలో పడి ఎడమకాలు పోగొట్టుకుంది. కాలు చేయించుకోవడానికి ఈ షెడ్డుకు వచ్చి, చేసే పని చూస్తూ చూస్తూ నేర్చుకుని ఇక్కడే ఉండిపోయింది. ఆమె వేసుకున్న కాలు కూడా పైపుదే. ఆ లెక్కన నాకు అక్క అవుతుంది. పొద్దంతా నిలబడి అరిగి, రంగు వెలిసి, మడమ దగ్గర పగిలి ఉంటుంది. అయినా దాన్ని చూస్తే నాకు అసూయ. అది కాలు చేసే పని చేస్తోంది మరి.

నేనెవరి కోసం పుట్టానో చెప్పాలి. దూరదేశం నుంచి హుదా అనే నర్సు ఈ పని నేర్చుకోవడానికి మా షెడ్డుకు వచ్చింది. ఆ దేశం పేరు చెప్పను. పేరు చెప్పిన ప్రతిచోటా నా ప్రయాణం ఆగిపోయింది, కనీసం ఇక్కడైనా ఆగకుండా చెప్పుకోనివ్వండి. అక్కడ యుద్ధం. దారిలో పూడ్చిన బాంబు మీద కాలు పెట్టి నూరా అనే ఎనిమిదేళ్ళ పిల్ల కుడికాలు పోగొట్టుకుంది. హుదా ఆ పిల్ల కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చును బట్టల మధ్య పెట్టుకుని తెచ్చింది. శిక్షణ అయ్యేసరికి కాలు తన చేత్తోనే చేసుకుని తీసుకుపోవాలని ఆమె ఆశ. హుదాకు తెలుగు రాదు, కనకవ్వకు ఆమె భాష రాదు. ఇద్దరూ విరిగిన హిందీలో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఇంతలో అక్కడి విమానాశ్రయం మూసేస్తారని కబురొచ్చింది. ఇప్పుడు పోకపోతే ఇంటికి చేరేదెప్పుడో తెలియదు. హుదా ఏడుస్తూ బయల్దేరింది, అచ్చు మాత్రం మా దగ్గర వదిలిపెట్టింది.

"నువ్వు పో బిడ్డా, కాలు నేను తెస్త," అంది కనకవ్వ. మనుషులు మాట ఇచ్చేటప్పుడు మధ్యలో ఎన్ని దేశాలున్నాయో లెక్కపెట్టరు.

ఆ సాయంత్రమే నన్ను ఓవెన్‌లో పెట్టారు. మెత్తబడ్డాక కనకవ్వ నన్ను అచ్చు మీదికి లాగి, తడిగుడ్డతో చుట్టూ అదిమింది. అంతకుముందు ఏ నీళ్ళో పారడానికి పుట్టిన నేను, ఆ అదుములో ఒక పిల్ల కాలి ఆకారం నేర్చుకున్నాను. మోకాలి కింద ఎముక ఎక్కడ పొడుచుకొచ్చిందో, ఎక్కడ గాయం కుట్లు గట్టిపడ్డాయో నాకు తెలుసు. ఆ పిల్ల ముఖం తెలియదు గాని, ఆ కుట్లు తెలుసు. తర్వాత రబ్బరు పాదం బిగించి, తోలు పట్టీ కుట్టి గోడకు తగిలించారు.

తగిలించాక అసలు కథ మొదలైంది. ఆ ఊరికి కొరియర్లు పోవు, పోస్టు పోదు. మనిషే మోసుకుపోవాలి. అదృష్టమనుకున్నాం, ఆ ఏడాది స్వచ్ఛంద సేవకుల అంతర్జాతీయ సదస్సు హుదా వాళ్ళ ఊళ్ళోనే పెట్టారు. మూసిన విమానాశ్రయం వారానికొక విమానానికి మళ్ళీ తెరిచారట. దెబ్బతిన్నవాళ్ళు ఉన్నచోటే కూర్చుని మాట్లాడాలని పెద్దలు తీర్మానించారు. పైపుతో కాలు చేయడం చూపించమని కనకవ్వకు ఆహ్వానం వచ్చింది. సదస్సు పేరు 'అందరికీ అందుబాటు'. ఆ పేరు పెట్టినవాళ్ళు వీసా కోసం ఎక్కడా నిలబడినట్టు లేదు.

కనకవ్వ నిలబడింది. ఢిల్లీలో వీసా ఆఫీసుకు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. కాళ్ళరిగేలా తిరగడం అంటారే, ఆ మాట మా అక్క విషయంలో నిజమైంది. మొదటిసారి తిరిగొచ్చాక షెడ్డులో కూర్చుని చెప్పింది:

"నీ పని ఏంది అన్నడు ఆఫీసరు. కాళ్లు చేస్త అన్న. మల్ల అడిగిండు. మల్ల గదే చెప్పిన. అందరు ఆ దేశం ఇడిచిపెట్టి ఉరుకుతుంటే నువ్వెందుకు పోతవమ్మా అన్నడు. ఉరకనీకి కాళ్లు లేనోళ్లు అక్కడనే ఉన్నరు గద సార్ అన్న."

"మంచిగన్నవ్," అంది పోశవ్వ. పోశవ్వ షెడ్డులో వంట చేసే పెద్దావిడ. కనకవ్వ ఆమెను అత్తా అని పిలుస్తుంది.

"ఏం మంచిగత్తా. రాసుకోనేలేదు."

రెండోసారి వేలిముద్రలు అడ్డొచ్చాయి. వేడి పైపును అదిమి అదిమి కనకవ్వ వేళ్ళ కొసలు పలక మాదిరి నున్నగా అయిపోయాయి. యంత్రం మీద వేళ్ళు పెడితే మళ్ళీ పెట్టమంటుందట. నూనె రాసుకుని పెట్టమన్నారు, తుడుచుకుని పెట్టమన్నారు. కొన్నాళ్ళు పని మానేసి రమ్మన్నారు. ఆమె పని మానేసి కూర్చున్న రోజుల్లో షెడ్డు బయట బెంచీ మీద కాళ్ళ కోసం వచ్చినవాళ్ళు ఊరికే ఎదురుచూసి పోయేవారు. గోడ మీద నుంచి చూస్తున్న నాకు సిగ్గేసింది. నేనొక్కదాన్ని నడవడం కోసం ఇంతమంది ఆగిపోవాలా?

చివరికి వీసా వచ్చింది, సదస్సుకు సరిగ్గా ముందు.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. కాలు తొడుక్కున్నవాళ్ళు వాకిట్లో నడిచి చూపించాకే బయటికి పంపుతారు. నన్ను తొడుక్కునే పిల్ల ఇక్కడ లేదు కాబట్టి ఆ పద్ధతి కుదరలేదు. పోశవ్వకు మనసొప్పలేదు. బయల్దేరే పొద్దున బియ్యంలో పసుపు, కుంకుమ, కొంచెం నెయ్యి కలిపి తెచ్చి, నా లోపలి బోలులో మోకాలి దాకా నింపింది. పైన ఒక ఎండుకొబ్బరి చిప్ప పెట్టి గుడ్డతో మూతికట్టింది.

"ఇదేందత్తా, పెండ్లికాని పిల్లకు ఒడిబియ్యమా?" అని కనకవ్వ నవ్వింది.

"పిల్లకు కాదే. ఈ కాలు మన బిడ్డ. అత్తగారింటికి పోతుంది. ఆడబిడ్డను ఉత్త ఒడితోని పంపుతమా?"

నరహరి సారు కింద పడ్డ గింజలు ఏరి ఇచ్చారు. లెక్కల మాస్టారు కూడా పోశవ్వకు ఎదురు చెప్పరు. నాకైతే గుండె నిండినట్టయింది. గుండె లేదు గాని, ఉన్న బోలంతా నిండింది.

శంషాబాద్ విమానాశ్రయంలో సంచిని యంత్రంలోకి పంపితే ఒక పోలీసమ్మ నన్ను బయటికి తీసి, గుడ్డ విప్పి, చటుక్కున నవ్వేసింది. "ఒడిబియ్యమా అవ్వా?" అని తానే మళ్ళీ మూతికట్టి ఇచ్చింది. కనకవ్వ తన కాలి సంగతి కూడా చెప్పుకుంది. చూసి పొమ్మన్నారు. ప్రయాణమంటే ఇంతే కాబోలు అనుకున్నాను. విమానంలో కనకవ్వ నన్ను సీటు కింద పెట్టి తన రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుంది. అక్క భుజానికి ఆనుకుని మేఘాలు దాటాను.

మధ్యలో ఒక ఊళ్ళో విమానం మారాలి. ఆ ఊరి అధికారులు మంచివాళ్ళే. గట్టిగా కూడా మాట్లాడలేదు. యంత్రంలో నన్ను చూసి, పక్కకు తీసుకుపోయి, బల్ల మీద పెట్టి, గుడ్డ విప్పారు. పసుపు పచ్చటి గింజలు జారి బల్ల మీద పడ్డాయి. ముగ్గురూ రెండడుగులు వెనక్కి వేశారు. యుద్ధం జరిగే దేశానికి పోతున్న మనిషి, సంచిలో బోలు కాలు, అందులో పచ్చటి గింజలు! వాళ్ళనేం అనను. శంషాబాద్‌లో పోలీసమ్మకు పుట్టింటిని గుర్తుచేసిన ఆ పసుపు ఇక్కడ ఎవరికీ ఏదీ గుర్తుచేయలేదు.

ఇది తినేదా అని అడిగారు. కాలిలో తినేది ఎందుకు పెట్టారని అడిగారు. కనకవ్వ తనకొచ్చిన హిందీలో, ఉత్తగా పంపకూడదు సార్ అని చెప్పింది. అక్కడ పనిచేసే కుర్రవాడొకడికి హిందీ వస్తే అతను దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. అది విన్నాక వాళ్ళకు అనుమానం ఇంకా పెరిగింది. కుక్కను తెచ్చారు. అది నా బోలులో మూతిపెట్టి పసుపు పీల్చి గట్టిగా తుమ్మింది. ఆ తుమ్ముకు అర్థం చెప్పేవాళ్ళు దొరకలేదు. గింజల్ని ఒక గాజు సీసాలో పోసి పరీక్షకు పంపారు.

అప్పుడు వాళ్ళ చూపు కనకవ్వ నడక మీద పడింది. ఒక బోలుకాలిలో ఇంత ఉంటే రెండో దానిలో ఏముందో! విప్పమన్నారు. ఆమె తెర వెనక కూర్చుని అక్కను విప్పి ఇచ్చింది. బల్ల మీద మేమిద్దరం, ప్లాస్టిక్ కుర్చీలో ఆమె ఒంటికాలితో. చీర కుచ్చిళ్ళు పదేపదే మోకాలి మీదికి లాక్కుంటూ కూర్చుంది. నీళ్ళ సీసా అందనంత దూరంలో ఉంది, ఎవర్నీ అడగలేదు. రోజూ పదిమందిని నిలబెట్టే మనిషి లేచి నిలబడలేక కూర్చుంటే, ఎదురుగా బల్ల మీద రెండు కాళ్ళం ఉండి కూడా మేమేం చేయలేకపోయాం. నాకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

పరీక్షలో బియ్యం బియ్యమేనని తేలింది. అధికారి క్షమించమన్నాడు, తానే వంగి అక్కను అందించాడు. అప్పటికి మా విమానం వెళ్ళిపోయింది. తర్వాతిది వారానికి. అన్నాళ్ళు ఆ ఊళ్ళో ఉండే అనుమతి కనకవ్వకు లేదు. మర్నాడు వెనక్కి వచ్చే విమానం ఎక్కించారు. నేను ఉత్త ఒడితో పుట్టింటికి వచ్చాను.

"ఏమైందే?" అంది పోశవ్వ గుమ్మంలోనే.

"అక్కడ గొడవలైతున్నయట. విమానం పోలేదత్తా."

"మరి బియ్యం?"

"దారిల అడిగిండ్రు. ఇచ్చిన. మంచిగ చూసుకుంట తీసుకున్నరు."

పోశవ్వ సంతోషపడింది. నరహరి సారుకు అసలు సంగతి తెలుసు, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ లోపలికి పోయారు.

సదస్సు జరిగింది. వీడియో ఫోనులో కనకవ్వను కలిపారు. నన్ను ఎత్తి చూపిస్తూ పైపును ఎలా లాగాలో చెప్పింది, అవతల చప్పట్లు కొట్టారు. చప్పట్లయ్యాక హుదా ఒక పిల్లను తెరముందుకు తెచ్చింది. నూరా. పెద్ద కళ్ళు, ముందుపన్ను ఒకటి ఊడింది. నా పాదం వేళ్ళు చూసి తన భాషలో ఏదో అడిగింది.

"వేళ్ళకు రంగు వేయొచ్చా అంటోంది," అని హుదా హిందీలో చెప్పింది.

"ఏ రంగు కావాల్నో అడుగు," అంది కనకవ్వ.

నూరా కుర్చీలో వెనక్కి జరిగి కాలు చాపింది. తొడుక్కుందామనే అనుకుంది. కనకవ్వ కూడా ఆ క్షణం మరిచిపోయి నా మూతిని ఫోను దగ్గరకు పెట్టింది. ఆ కుట్లు నేను మొదటిసారి బయటినుంచి చూశాను. ఆ పిల్ల కాసేపు అలాగే చాపి ఉంచింది. తర్వాత సిగ్నల్ పోయింది.

ఈసారి నరహరి సారు పట్టుబట్టి నా పేరనే ఢిల్లీ ఆఫీసును అనుమతి అడిగారు. నన్ను కొలిచి, తూచి, ఫోటో తీసి పంపారు. వానలు వచ్చాయి, పోయాయి. చలి వచ్చింది. షెడ్డుకొచ్చే పిల్లలకు నన్ను ఇవ్వొచ్చు కదా అని ఎవరో అంటే కనకవ్వ ఒంటికాలి మీద లేచింది. అయినా నేనెవరికి సరిపోతాను?

ఎండలు ముదిరాక ఉత్తరం వచ్చింది. అనుమతి! కనకవ్వకూ నాకూ ఇద్దరికీ. కృత్రిమ అవయవం ఒకటి, కుడి, పిల్లలది, ఇంత పొడవు, ఇంత బరువు. లోపల ఏమీ ఉండకూడదని కూడా రాశారు. సారు జిలేబీలు తెప్పించారు. కనకవ్వ చేతులు తుడుచుకుని హుదాకు ఫోన్ చేసింది.

హుదా నవ్వింది, ఏడ్చింది. నూరాను గోడకు నిలబెట్టి టేపు పట్టింది. తొమ్మిదేళ్ళు దాటిన పిల్ల. ఏడాదిలో ఎడమకాలు ఎంత సాగిందో కొలిచి చెప్పింది. కనకవ్వ తన టేపును ఆ కొలతకు లాగి నా పక్కన పెట్టింది. నేను రెండు వేళ్ళు పొట్టి. మూతి దగ్గర కూడా బిగుతు. నేనన్నీ ఓర్చుకోగలను గాని, పెరగలేను.

"పొడుగుది చేసి ఇదే కాగితం మీద తీస్కపోరాదు?" అన్నారు సారు.

"కొలుస్తరు సార్. కొలవకుంట ఉండరు." ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"మరి మళ్ళీ దరఖాస్తు పెడదాం. ఇవాళ్టి కొలతకు చెయ్యి."

"ఇయ్యాల్టి కొలతకు చేస్తే కాగితం వచ్చేటాల్లకు ఇదీ పొట్టిదైతది."

జిలేబీలు పొట్లంలోనే ఉన్నాయి. కనకవ్వ లోపలికి పోయి కొత్త పైపు ఒకటి తెచ్చి బల్ల మీద పరిచి, పక్కన నన్ను పడుకోబెట్టింది. సుద్దముక్క తీసుకుంది. నా పొడవు దాటి రెండు వేళ్ళ దగ్గర చేయి ఆపింది. ఇంకొంచెం జరిపింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది.

"ఎంత పెరుగుతదో పిల్లను చూస్తే తెల్వదా?" అంది పోశవ్వ.

"పిల్లను చూసి కాదత్తా. ఆ ఆఫీసును చూసి కొయ్యాలె."

వాళ్ళకు ఎన్నాళ్ళు పడుతుందో, అప్పటికి నూరా ఎంతవుతుందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. సుద్దముక్క పట్టుకున్న ఆ చేయి పైపు పొడవునా అటూ ఇటూ తిరిగింది, ఎక్కడా ఆనలేదు.