పచ్చ పగడపు పిలక

ఆదివారం పొద్దున హాల్లో అడుగు పెట్టేసరికి గుప్పున కంపు కొట్టింది. ఒక్క ఉదుటున అక్వేరియం దగ్గరికి వెళ్ళాను. ఆ ఉప్పునీళ్ళ తొట్టి నిన్నటిదాకా అద్దంలా ఉండేది. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. నత్తలు వెల్లకిలా పడున్నాయి. రొయ్య తెల్లబడిపోయి రాళ్ళ సందులో ఇరుక్కుంది. నారింజ చారల చేపల జంటలో ఆడది, మేము పెద్దావిడ అని పిలుచుకునేది, ఇసుక మీద పక్కకు ఒరిగిపోయింది. మగది, పెద్దాయన, నీటి పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్నాడు. వాటన్నిటి మధ్యా నా పచ్చ పగడం. పదకొండేళ్ళ క్రితం బొటనవేలంత ముక్క తెచ్చి, కంటికి రెప్పలా చూసుకుని, పళ్ళెమంత చేశాను దాన్ని. ఒంటి మీది పచ్చదనమంతా తడిసిన కాగితంలా ఊడిపోయి లోపలి తెల్లటి ఎముక బయటపడింది.

"ఎవరు చేశారీ పని?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. నేను ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. కిడ్నీలు పనిచెయ్యని వాళ్ళ రక్తాన్ని మెషిన్‌తో కడుగుతాం. ఆ మెషిన్‌కి పోయే నీళ్ళలో క్లోరిన్ చుక్కంత కూడా ఉండకూడదు, ఉంటే మనిషి ప్రాణం మీదికొస్తుంది. అందుకే రోజూ మొదటి రోగి మంచమెక్కక ముందే గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తాను. గులాబీ రంగు తిరిగాయా, ఆ నీళ్ళు ఎవరి ఒంట్లోకీ పోవు, డాక్టరు వచ్చి బతిమాలినా సరే. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. నీళ్ళ గురించి నాకు పాఠం చెప్పేవాడు ఇంకా పుట్టలేదని నా ధీమా.

మా ఆయన నోట్లో బ్రష్షుతో వచ్చి నిలబడ్డారు. ఆయన లిఫ్టు మెకానిక్. రోజంతా జనాన్ని పైకీ కిందికీ తిప్పుతారు గానీ, ఇంట్లో గొడవ మొదలైతే మాత్రం రెండంతస్తుల మధ్య ఆగిపోతారు. ఎటూ కదలరు.

ఆయన వెనకే బుల్లి వచ్చింది. బుల్లి నా ఆడపడుచు, ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. రెండుసార్లు కడుపు నిలవలేదు దానికి. రెండోసారి అయ్యాక మొగుడు మొహం చాటేశాడు. ఏడాదిన్నరగా మా దగ్గరే ఉంటూ రెండు వీధుల అవతల బ్యూటీ పార్లర్ నడుపుకుంటోంది. శనివారం సాయంత్రం ఎవరికో మేకప్ వెయ్యడానికి వెళ్తూ మా హాల్లో అద్దం ముందు తయారైంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అది వెళ్ళిపోయింది, హాలంతా హెయిర్ స్ప్రే వాసన మాత్రం మిగిలింది. స్ప్రే డబ్బా ఇంకా అద్దం దగ్గరే ఉంది. తొట్టికి నాలుగు అడుగుల దూరం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇక్కడ నిలబడి స్ప్రే కొట్టుకున్నావా లేదా?"

"కొట్టుకున్నా వదినా. కానీ తొట్టికి మూత వేసే ఉందిగా. అది కాదు, నిన్న మా పార్లర్లో నీళ్ళు..."

"పార్లర్ ఊసెత్తావంటే చంపేస్తా! పదకొండేళ్ళే! పదకొండేళ్ళు పెంచాను!"

"ఒక్క నిమిషం విను వదినా. నీళ్ళలోనే ఏదో..."

"నోరు ముయ్యి! నీళ్ళ గురించి నువ్వా నాకు చెప్పేది?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"నీ చెయ్యి పడితే ఏదీ బతకదే! కడుపులో పడ్డవే నిలబడలేదు, నా చేపలు నిలబడతాయా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ నన్ను చూసి రోజుకోసారి అనేది. బుల్లి ఏడవలేదు. గదిలోకెళ్ళి బట్టలు సంచిలో కుక్కుకుని వచ్చింది. "పార్లర్ వెనక గది ఉంది అన్నయ్యా, అక్కడుంటా" అంది. నా వైపు చూడలేదు. ఆయన నోరు కడుక్కుని, చెల్లెలి చేతిలోంచి సంచి అందుకుని, గుమ్మం దగ్గర నా మొహంలోకి చూశారు.

"నువ్వు మనిషివేనా?" అన్నారు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నన్నన్న మొదటి మాట అది.

పొండి, అందరూ పొండి అనుకున్నాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని పనిలో పడ్డాను. చచ్చినవన్నీ ఏరి పారేశాను. పగడం ఎముకను పారెయ్యడానికి చెయ్యి రాక పళ్ళెంలో పెట్టి బాల్కనీలో ఉంచాను. తొట్టిలో సగం నీళ్ళు తోడేసి, వంటింట్లో ఫిల్టర్ నుంచి కొత్త నీళ్ళు పట్టి, ఉప్పు కలిపి, గోరువెచ్చగా చేసి పోశాను. పెద్దాయనను ఎలాగైనా బతికించుకోవాలి. గంటసేపు బాగానే ఉన్నట్టు అనిపించాడు, తర్వాత ఇంకా ఆయాసపడ్డాడు. నీళ్ళు ఇంకా శుభ్రం కాలేదు కాబోలని సాయంత్రం మళ్ళీ సగం మార్చాను. సోమవారం డ్యూటీకి వెళ్ళేముందు మరోసారి మార్చాను. ప్రతిసారీ బుల్లిని తిట్టుకుంటూనే పోశాను.

ఆ సోమవారమే ఆసుపత్రిలో చుక్కలు వేస్తే, మొదటి ఫిల్టర్ దాటిన నీళ్ళు లేత గులాబీ రంగు తిరిగాయి. మా దగ్గర ఫిల్టర్లు రెండు ఉంటాయి, లోపలుండే బొగ్గు క్లోరిన్‌ను పట్టేస్తుంది. రెండోది దాటాక నీళ్ళు తేటగానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వెంటనే ఆసుపత్రి ఫోన్ నుంచి ఫిల్టర్ల కాంట్రాక్టర్‌కి ఫోన్ కొట్టాను.

"మేడం, వీధి పైపులు రిపేరు చేశాక శుక్రవారం నుంచీ కుళాయి నీళ్ళలో క్లోరిన్ బాగా పెంచారు. అందుకే బొగ్గు తొందరగా అయిపోయింది" అన్నాడు.

"కథలు చెప్పకు! మధ్యాహ్నానికల్లా బొగ్గు మారకపోతే నీ సంగతి చూస్తా. ఇవి మనుషుల ప్రాణాలనుకున్నావా, ఇంకేమన్నా అనుకున్నావా?" అని వాణ్ణి ఉతికి ఆరేశాను. నర్సమ్మలు నవ్వుకున్నారు. నాకు ఛాతీ ఉప్పొంగింది.

ఆ కుళాయి నీళ్ళే మా వంటింట్లోకీ వస్తాయని అప్పుడైనా బుర్ర వెలగాలా? వెలగలేదు. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పెద్దాయన చచ్చి, నీళ్ళు లాగే మోటారు జల్లెడకు అతుక్కుని ఉన్నాడు.

మర్నాడు తొట్లు అమ్మే బాబాయి దగ్గరికి వెళ్ళాను. గోడు విని ఆయన అడిగింది ఒకటే. "పిలక ఎవరికైనా ఇచ్చావామ్మా?"

పగడాలు పెంచేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పగడం బాగా ఎదిగాక చిన్న ముక్క విరిచి ఇంకొకరికి ఇస్తాం. దాన్నే పిలక అంటాడు బాబాయి. ధర్మానికి ఇవ్వడం కాదు. ఎంత జాగ్రత్తపరుడి తొట్టయినా ఏదో ఒకరోజు తుడిచిపెట్టుకుపోతుంది, ఆరోజు ఇచ్చినవాడు పుచ్చుకున్నవాడి గడప తొక్కి తన పిలకకు పిలక అడుక్కోవాలి. నేను పిసినారిని. పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటే ఇచ్చాను. కిందటేడు, బుల్లికి. ఏదో ఒకటి పెంచుకుంటే దాని మనసు కుదుటపడుతుందని నేనే పార్లర్లో చిన్న తొట్టి పెట్టించి, దగ్గర కూర్చుని నేర్పాను.

బుధవారం డ్యూటీ దిగి, మూతున్న గాజుసీసా సంచిలో వేసుకుని బయల్దేరాను. అడుక్కోవడానికి కాదు. నా పగడం నేను తెచ్చుకుంటాను, ఎవడడ్డొస్తాడో చూస్తాను అనుకుంటూ నడిచాను.

తలుపు తోసేసరికి దగ్గొచ్చింది. గదంతా స్ప్రే పొగమంచులా వేలాడుతోంది. ఒక కుర్చీలో వయసు మళ్ళిన ఒకావిడ తలకు రంగు పట్టించుకుని పత్రిక చదువుతోంది. ఇంకో కుర్చీలో అమ్మాయి ముడికి బుల్లి స్ప్రే కొడుతోంది, ఆగకుండా, బుస్సుబుస్సుమని. వాళ్ళకు రెండు అడుగుల దూరంలో బల్ల మీద తొట్టి. నీళ్ళు తేటగా ఉన్నాయి. నత్త గాజు మీద తాపీగా షికారు చేస్తోంది. నా పిలక అరచెయ్యంత అయ్యి, ఒంటినిండా పచ్చటి వేళ్ళు విప్పుకుని నీళ్ళలో ఊగుతోంది.

 ఇక్కడ రోజంతా స్ప్రే. మా ఇంట్లో ఒక్కసారి.

"రోజుకు ఎన్నిసార్లు కొడతావు స్ప్రే?" అని అడిగాను.

"పదిసార్లు. ఒక్కోరోజు ఇరవై. మూత వేసే ఉంటుంది. మీరే చెప్పారుగా వెయ్యమని."

మీరు. ఇరవై ఏళ్ళలో అది నన్ను మీరు అనలేదు.

తొట్టి పైన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. చేతిరాత నాదే. "నీళ్ళు పోసే ముందు చుక్కల పరీక్ష. గులాబీ రంగు వస్తే పారబొయ్యి. తొందరలో ఉన్నా సరే." దాని కింద తేదీల వారీగా బుల్లి పెట్టుకున్న టిక్కులు. శనివారం దగ్గర టిక్కు లేదు. ఎర్ర సిరాతో రాసి ఉంది: "గులాబీ. మొత్తం పారబోశా. వదినకు చెప్పాలి."

"శనివారం మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేశా" అంది బుల్లి, దువ్వెన కడుగుతూ. "డ్యూటీలో ఉంటే ఫోన్ బీరువాలో పెడతారుగా మీరు. రాత్రి నేనొచ్చేసరికి తొట్టి నీళ్ళు మార్చేసి పడుకున్నారు. పొద్దున చెప్పబోయా. నోరు ముయ్యమన్నారు, మూసుకున్నా."

మా వంటింటి ఫిల్టర్లో బొగ్గు ఎప్పుడో ఆరు నెలల కిందటే మార్చాల్సింది. ఆసుపత్రిలో ఒక్కపూట ఆలస్యమైతే కాంట్రాక్టర్ తాట తీసే దాన్ని, ఇంట్లో రేపు చూద్దాంలే అనుకుంటూ వచ్చాను. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. ఇంట్లో చుక్కల మందు సీసా ఎక్కడుందో కూడా నాకు తెలీదు. శనివారం ఒకసారి, ఆదివారం రెండుసార్లు, సోమవారం ఒకసారి. నాలుగుసార్లు నా చేత్తో నేనే విషం పోశాను. పెద్దాయన శనివారం తప్పించుకున్నాడు, నా వైద్యానికి చచ్చాడు. నా మీద నాకు ఎంత ఒళ్ళు మండిందంటే, ఆ గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

అయినా నోరు ఊరుకుంటుందా? పాడు నోరు.

"నాలుగు కేకలేసి చెప్పాల్సిందే నువ్వైనా! అంత మెత్తగా చెబితే ఎవరికి వినబడుతుంది?"

బుల్లి దువ్వెనను బల్లకేసి కొట్టింది. రంగు పట్టించుకున్న ఆవిడ పత్రిక దించింది.

"ఇదీ నా తప్పేనా? నా చెయ్యి పడితే ఏదీ బతకదా అని ఆసుపత్రి మంచం మీద నన్ను నేనే అడుక్కున్నా, రెండుసార్లూ. అప్పుడు పక్కన కూర్చుని, నీ తప్పేం లేదే పిచ్చిదానా అని తల నిమిరింది ఎవరు? మీరే. ఆసుపత్రిలో పనిచేసే మనిషి, అన్నీ తెలిసిన మనిషి చెప్పిందని నమ్మాను. ఆ ఒక్క మాట పట్టుకుని లేచి తిరుగుతున్నా. చేపలు చచ్చాయని ఆ మాట వెనక్కి లాగేసుకున్నారు! చేపలు చచ్చాయని!"



"తప్పయిపోయింది బుల్లీ" అన్నాను. జీవితంలో ఎవరితోనూ అనని మాట అది.

"అవును, తప్పే" అంది అది.

"అమ్మాయ్, నా తల మండుతోందే" అంది రంగు పట్టించుకున్నావిడ. బుల్లి ఆవిడ తల కడగడానికి తీసుకెళ్ళింది. కడిగి, తుడిచి, పంపించి వచ్చేదాకా నేను కదలకుండా నిలబడ్డాను. నిన్ను చూడ్డానికే వచ్చానే అని చెప్పబోయాను. బుల్లి నా సంచిలోంచి తొంగి చూస్తున్న సీసా మూత వైపు చూసింది. నేను ఆ మాట మింగేశాను.

"ఇప్పుడివ్వను" అంది. "ఇస్తే దీన్నీ చంపుతారు. బొగ్గు మార్చండి. తొట్టి కడిగి కొత్త నీళ్ళు పెట్టండి. రోజూ చుక్కలు వేసి కాగితం మీద రాసి అన్నయ్య చేత పంపండి. నెలరోజులు ఒక్కసారి కూడా రంగు తిరక్కపోతే అప్పుడు రండి."

"మరి నువ్వు ఇంటికి..."

"నా సంగతి దీంతో కలపకండి."

నెలరోజులు రాశాను. చేపల్లేని, పగడం లేని ఖాళీ తొట్టికి రోజూ పొద్దున్నే పరీక్ష చేసి, తేదీ వేసి, సంతకం పెట్టి, పరీక్ష పేపరు అందించే బడిపిల్లలా ఆయనకు ఇచ్చాను. ఆయన ఏమీ అనకుండా జేబులో పెట్టుకునేవారు. నాతో మాట్లాడ్డం మొదలుపెట్టడానికి ఆయనకు పదిరోజులు పట్టింది. అదీ "ఉప్పుందా" అని.

ముప్పై ఒకటో రోజు సీసా పట్టుకుని వెళ్ళాను. బుల్లి నా కాగితాలన్నీ వరసగా గోడకు గుచ్చిపెట్టింది. ఒక్కొక్కటీ మళ్ళీ చూసింది. చూసి, తొట్టి మూత తీసి పక్కకు జరిగింది.

"తీసుకోండి. మీదేగా."

"నువ్వే విరిచివ్వు" అన్నాను.

"ఎందుకు? నా చెయ్యి పడితే..." అని ఆపేసింది.

"నీ చేతిలో పెట్టిందే నాకు మిగిలిందే. నా చేతిలో ఉన్నదంతా నేనే చంపుకున్నాను."

 అది మోచేతి దాకా కడుక్కుని, చెయ్యి నీళ్ళలో పెట్టి, పచ్చటి అంచున బొటనవేలంత ముక్క టప్పున విరిచింది. సీసాలో తన తొట్టి నీళ్ళు నింపి, ముక్క వేసి, మూత బిగించి నాకిచ్చింది.

"ఆదివారం వస్తా" అంది, నా వైపు చూడకుండా చేతులు తుడుచుకుంటూ. "దీన్ని చూడ్డానికి. మీ కోసం కాదు."

"సరే" అన్నాను.

"చుక్కల మందు సీసా బయట పెట్టి ఉంచండి. ముందు నీళ్ళు నేను చూస్తా, తర్వాతే లోపలికి."

సరేనే తల్లీ అని, సీసా రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చాను.