పక్క సీటు బరువు

కంపెనీ వాళ్లు చెప్పిన బరువులో నా గిన్నెలు లేవు. దుప్పట్లు లేవు, దిండ్లు లేవు, రెండు గ్యాసు సిలిండర్లు లేవు, ఉప్పూ పిండీ చిక్కుడు గింజలూ లేవు, మా ఆయన వెండల్ బీపీ మాత్రలు లేవు. పికప్పు వెనక తగిలించుకునే ఇల్లు, ఆ ట్రెయిలర్, ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎంత తూగిందో అంతే కాగితం మీద వేశారు. అంటే ఎవరూ కాపురం చెయ్యని ఇంటి బరువు. పళ్లేల మధ్య తువ్వాళ్లు దోపుతుంటే నాకీ సంగతి తట్టింది. ట్రెయిలర్ గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్న మా ఆయనతో అన్నాను కూడా.

"గిన్నెలకేం బరువుంటుంది ఆర్లిస్? మన పికప్పు తొమ్మిది వేల పౌన్లు లాగుతుంది. నువ్వు కానివ్వు," అన్నాడు వెండల్.

నేను కానిచ్చాను. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో నేను చేసింది అదే. వెండల్ రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. అయిన నెలకే బిల్లింగ్స్ పట్నం వెళ్లి, ఒక్క మధ్యాహ్నంలో పికప్పూ ట్రెయిలరూ రెండూ కొనేసి, వీధి మొదటి నుంచీ హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. అమ్మినవాడు "ఇది కొండనైనా లాక్కుపోతుంది" అన్నాడట. నన్ను అడిగింది కర్టెన్ల రంగు ఒక్కటే. అయినా నేను సంతోషించాను, ఎందుకంటే ఆ ప్రయాణం మీద నాకూ ఒక ఆశ ఉంది. చలికాలంలో అరిజోనా ఎడారిలో రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా చేరి, బల్లల మీద రాళ్లు పరిచి, కోసి చూపించి అమ్ముకుంటారు. యెల్లోస్టోన్ నది గులకల్లో ఇరవై ఏళ్లుగా నేను అగేటు రాళ్లు ఏరుతున్నాను. పైకి బంగాళదుంపలా ఉంటుంది, కోస్తే లోపల సాయంత్రపు ఆకాశం కనిపిస్తుంది. గ్యారేజీలో ఓ మూల రంపం మిషను పెట్టుకుని కోస్తాను. ఈ ఏడాది అక్కడ నాకూ ఒక బల్ల ఇస్తామన్నారు. నా రాళ్లతో, నా పేరుతో ఒక బల్ల.

బరువు గురించి నాకు కొంత తెలుసు. బడి వంటగదిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. చిక్కుడు గింజల డేగిసా ఎత్తీ ఎత్తీ భుజం పట్టేస్తే, సెలవడగడానికి వెళ్లాను. "వంటే కదమ్మా, అందులో మొయ్యడానికేముంది?" అన్నాడు సూపరింటెండెంటు, నలుగురి ముందూ. నేను ఎత్తే దేనికీ బరువుండదని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఉంటుంది. పెళ్లైన కొత్తల్లో గోధుమలు తూచే చోటికి నన్ను తీసుకెళ్లి, ధాన్యం కాటా మీద నిలబెట్టి, "చూడండ్రా, ఈ ఏడు పంట బాగానే వచ్చింది!" అని అరిచాడు వెండల్. అక్కడున్న మగవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త కోడలు నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు కదా.

నవంబరు మధ్యలో, అంతా సర్దాక, ఒకసారి నడిపి చూద్దామని గ్లెండైవ్ దాటి పెద్ద రోడ్డెక్కాం. పికప్పు వెనక భాగం కుంగింది, ముక్కు పైకి లేచింది. గాలి మొదలైంది. మా ప్రాంతపు గాలి గురించి చెప్పేదేముంది, ఆవులు కూడా వాలి నిలబడతాయి. ఓ పెద్ద లారీ మమ్మల్ని దాటింది, అంతే. ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. అది ఊగుతుంటే దాంతో మేమూ ఊగాం. లోపల నా పళ్లేలు మూలిగాయి. స్టీరింగు పట్టుకున్న వెండల్ వేళ్లు తెల్లబడిపోయాయి. మంచు తుఫానుల్లో రోడ్లు తోసిన మనిషి, "దేవుడా దేవుడా" అన్నాడు. బండి మెల్లమెల్లగా నెమ్మదించి, ఎలాగో లారీలు ఆగే చోటికి చేరి ఆగింది.

"గాలి," అన్నాడు. తర్వాత తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

నేనే దిగి, చుట్టూ తిరిగి, అతన్ని దింపుదామని అతని వైపు తలుపు తెరిచాను. తలుపు మూసే అంచు మీద ఒక పసుపు చీటీ అంటించి ఉంది. ఈ బండిలో ఎక్కే మనుషులూ సామానూ అంతా కలిపి 1,420 పౌన్లు మించకూడదని. అప్పుడు అర్థమైంది నాకు. లాగడం వేరు, మొయ్యడం వేరు. తొమ్మిది వేలు లాగగలదు నిజమే. కానీ వీపు మీద మోసేది పద్నాలుగు వందలే. ట్రెయిలర్ మూతి కొక్కెం మీద కూర్చునే బరువొక్కటే తొమ్మిది వందలు. ఆ పైన వెండల్, నేను, వెనక తొట్టిలో సామాను. లాగేదాని గురించి బజారంతా చెబుతారు. మోసేదాన్ని తలుపు చాటున చీటీ మీద రాస్తారు.

మనుషుల్ని కూడా లెక్కలో వేసుకున్న ఆ చీటీ మీద నాకెంత గౌరవం కలిగిందో చెప్పలేను. నా బరువును హాస్యానికి కాకుండా అడిగింది అదే మొదలు.

లారీల కాటా అక్కడే ఉంది. "తూయిద్దాం," అన్నాను. భయంలో ఉన్నాడు కాబట్టి ఒప్పుకున్నాడు. కాటా ఎక్కి బొత్తాం నొక్కితే లోపల్నుంచి ఓ అమ్మాయి గొంతు, "మొదటి తూకమా, మళ్లీ తూకమా?" అంది. మొదటిదే. చీటీ చేతికొచ్చింది. మేం మోయగలిగిన దానికంటే దాదాపు మూడు వందల పౌన్లు ఎక్కువ మోస్తున్నాం.

ఇంటికొచ్చాక వాకిట్లో దింపుడు మొదలైంది.

"ముందు నీ రంపం, రాళ్లు. పోయేదే రాళ్లున్న చోటికి, మళ్లీ ఇక్కణ్ణుంచి రాళ్లు మోసుకుపోవడమేంటి? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"మరి జనరేటరో?"

"అది నీ కోసమే కదా తెచ్చా! ఎడారిలో నీ కాఫీ మిషనుకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"కాఫీ తాగేది నువ్వు."

"పెట్టేది నువ్వు కదా!"

జనరేటర్ కదల్లేదు. పనిముట్ల పెట్టె కదల్లేదు. చేపలు పట్టే సామాను డబ్బా ఒక్కటి, కన్నబిడ్డను దింపినట్టు దింపాడు. నా రంపం గ్యారేజీ నేల మీదకొచ్చింది. రాళ్ల పెట్టెలు దాని పక్కన. అరిజోనాలో ఆ బల్ల దగ్గర వేరెవరో కూర్చుంటారు అనుకున్నాను.

"ఇంకా నూట అరవై పౌన్లు ఎక్కువుంది," అన్నాడు వెండల్ లెక్క చూసి. నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు. అతని ముఖం వెలిగింది. "సరిగ్గా నీ అంత! కొన్నాళ్లు తిండి మానేస్తే సరిపోయేలా ఉందే."

అతనిలో విషం లేదు. అదే నా బాధ. ఆ ఇంట్లో ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఎవరిలోనూ విషం లేదు. ఎవరిమీద కోపగించుకోను?

మా అత్తగారు సోల్వేగ్‌కి మధ్యాహ్నం పూట నేను సూప్ తీసుకెళ్తాను. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు, చూపు దాదాపు పోయింది. నేను కాపురానికొచ్చిన తొలి క్రిస్మస్‌కి "ఈ పిల్లకి రొట్టె పల్చగా ఒత్తడం రాదు" అని బంధువులందరికీ చాటిన నోరు ఆమెది. సూప్ తాగుతుంటే జరిగింది చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"వెండల్ వాళ్ల నాన్న పక్క సీట్లో యాభై ఏళ్లు కూర్చున్నా," అంది చెంచా ఆపి. "కిటికీ దించితే దుమ్మొస్తుందనేవాడు."

"మీరేమనేవారు?"

"ఏమంటాను, ఎత్తేసేదాన్ని. ఆయన పోయాక కారు కొనుక్కున్నా కదా, గుర్తుందా? ఊళ్లో అందరూ ముసల్దానికి మతిపోయిందన్నారు. కళ్లు పోయేదాకా నడిపా. ఎక్కడికీ కాదు, ఊరికే. ఆ కొన్నేళ్లూ నావి." గిన్నె పక్కకి జరిపింది. "తాళాలు ఆ పిండి డబ్బా వెనకున్నాయి, తీసుకో. కొత్త టైర్లు వేయించా."

"కళ్లు కనపడనప్పుడు టైర్లెందుకు వేయించారు?"

"ఎప్పటికైనా నువ్వు అడుగుతావని. నువ్వే ఆలస్యం చేశావు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపు వదల్లేకపోయాను. రొట్టె గురించి మనసులో దాచుకున్నదంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది.

ఆ వారంలోనే కృతజ్ఞతల పండగ వచ్చింది. మా ఇళ్లలో తినేముందు బల్ల చుట్టూ ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞతలో చెప్పాలి. నా వంతు వచ్చేసరికి నేనెప్పుడూ ఓవెన్ దగ్గరే ఉంటాను. ఈసారి సోల్వేగ్ ఫోర్కుతో బల్ల మీద కొట్టి, "ఆర్లిస్ వచ్చి కూర్చునేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అంది. వచ్చి కూర్చున్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు. అలవాటు లేక ఏప్రాన్ విప్పి ఒళ్లో మడతపెట్టుకున్నాను. "గాలికి," అన్నాను చివరికి. అందరూ నవ్వారు. వెండల్ నవ్వలేదు.

మర్నాడు అతనితో చెప్పాను. "బరువు సంగతి తేలిపోయింది. నేను పికప్పు ఎక్కను. మీ అమ్మ కారులో వెనక వస్తా. రంపం, రాళ్లు నాతోనే వస్తాయి."

"అలిగావా?"

"లేదు. నూట అరవై తగ్గించమన్నావు, తగ్గించా."

"ఒకే చోటికి రెండు బళ్లలో పోవడమేంటి, జనం నవ్వరూ! దారి ఎవరు చూస్తారు నాకు? నిద్రొస్తే కబుర్లెవరు చెబుతారు? శాండ్‌విచ్ ఎవరు విప్పి ఇస్తారు?"

మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అంటారు. పక్క సీట్లో కూర్చుని నేను చేసే పనులన్నీ అతని నోటే వినడం నాకు అదే మొదలు. దానికీ కృతజ్ఞతే చెప్పుకోవాలి. శాండ్‌విచ్‌లు చేసి, విప్పడానికి వీలుగా వదులుగా చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ సీట్లో పెట్టాను. ఇద్దరికీ చెరో వాకీటాకీ కొన్నాను.

బయల్దేరిన రోజు మళ్లీ కాటా దగ్గర ఆగాం. చీటీ తీసుకోవడానికి వెండల్ లోపలికొచ్చాడు. నేను అప్పటికే లోపల కాఫీ పోసుకుంటున్నాను. చీటీ చూసి గంతేసినంత పని చేశాడు.

"సరిపోయింది! కరెక్టుగా సరిపోయింది!"

గల్లా దగ్గర జడ వేసుకున్న అమ్మాయి నవ్వి, "ఏం దింపారేంటి?" అంది.

"మా ఆవిణ్ణి!" అన్నాడు వెండల్, గది మొత్తానికి వినబడేలా.

లారీల వాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయింది. నేనే నవ్వాను. ధాన్యం కాటా మీద నవ్విన నవ్వు కాదు. ఇది నాకే వచ్చింది, కాఫీ ఒలికేంత వచ్చింది.

ఆ రోజంతా కిటికీ దించుకుని నడిపాను. చలికి చెవులు ఎర్రబడ్డాయి, దుమ్ము కళ్లలో పడింది, ఎత్తలేదు. ముందు పికప్పు వీపు సమంగా ఉంది, ట్రెయిలర్ బుద్ధిగా వెళ్తోంది. మా ఆయన క్షేమంగా ఉన్నాడని నిశ్చింత. పక్క సీట్లో నా రంపానికి బెల్టు కట్టాను. ఒకచోట కొండ తొలిచి రోడ్డు వేసిన దగ్గర, ఎవర్నీ అడక్కుండా ఆగాను.

"ఆర్లిస్, ఎక్కడున్నావ్?" వాకీటాకీ గురగురలాడింది.

"రాళ్ల దగ్గర."

"సరే, ముందు ఆగి ఉంటా," అన్నాడు.

షెరిడాన్ ఊరు దాటాక బళ్లు ఆపుకునే చోట నా కోసం నిలబడి ఉన్నాడు. శాండ్‌విచ్ డబ్బా ఖాళీ. గడ్డం మీద ఆవాల ముద్ద అంటుకుని ఉంది. కారు కిటికీ మీద చేతులానించి, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆ సీటు ఖాళీగా ఉంటే ఏదోలా ఉంది ఆర్లిస్."

అలాంటి మాట అతను అనడం మా పెళ్లి తర్వాత ఇదే మొదలు. నా గుండె కరిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. గడ్డం తుడిచాను.

"తిరిగి వచ్చేటప్పటికి తిండి సామానంతా అయిపోతుందిలే," అన్నాడు హుషారుగా. "బరువు తగ్గుతుంది. నీ చోటు నీకు ఉంటుంది."

నేను రంపం బెల్టు ఇంకాస్త బిగించి కారు స్టార్టు చేశాను.

"ఆ చోట్లో నీ జనరేటర్ని కూర్చోబెట్టుకో వెండల్. దారిలో కాఫీ పెట్టుకోవడానికి దగ్గరగా ఉంటుంది."